అట్టడుగు వరస

నా కింది అంచుకీ నేలకీ మధ్య రెండున్నర అడుగుల ఎత్తు ఉంటుంది. ఈ కొలత ముందే చెప్పాలి. నా కథలో ముఖ్యమైనదంతా ఆ కింది అంచు దగ్గరే జరిగింది.

నేను నల్లబల్లని. పలాస రైల్వేస్టేషన్ నుంచి కాశీబుగ్గ వెళ్ళే దారిలో, ఒక టీకొట్టు గోడకి రెండు మేకుల మీద వేలాడుతున్నాను. మొదట ఉద్దానంలో ఒక పల్లె బడిలో ఉండేదాన్ని. ఏటా దసరా ముందు పిల్లలు దొండాకు పసరులో బొగ్గుపొడి కలిపి నా ఒళ్ళంతా రుద్దేవారు. నా మీద ఎక్కాలు రాశారు, గుణింతాలు రాశారు, రాని వాళ్ళ పేర్లు రాశారు. ఆటకి సంబంధించిన అంకె మొదటిసారి ఎక్కింది 2000 సెప్టెంబరు 20న. ముందురోజు సిడ్నీ ఒలింపిక్స్‌లో మన ఆమదాలవలస పక్క ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లేశ్వరి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ. మాస్టారు వస్తూనే 110 + 130 = 240 అని రాసి, "ఇవి కిలోలు. మనమ్మాయి ఎత్తింది" అన్నారు. బడి వదిలాక కూడా ఆ లెక్కని ఎవరూ తుడవలేదు. ఆ రాత్రంతా దాన్ని మోస్తూ మేలుకునే ఉన్నాను.

తర్వాత బడికి కొత్త బల్ల వచ్చింది. విరిగిన బెంచీలతోపాటు నన్నూ అమ్మేశారు. 2008 వేసవిలో టీకొట్టు తాత నన్ను కొని సైకిల్ మీద తెచ్చుకున్నాడు. టీ, బిస్కట్ల ధరలు రాయాలని ఆయన ఆలోచన. అదే వేసవి ఐపీఎల్ మొదలైంది. "దక్కన్ చార్జర్స్ ఎన్నోది తాతా?" అని అడిగినవాళ్ళకల్లా జవాబు చెప్పలేక, ధరలు తుడిచేసి పేపర్లో వచ్చిన పాయింట్ల పట్టిక నా మీదకి ఎక్కించాడు. 14 ఆటల్లో 2 గెలుపులతో మనవాళ్ళు అట్టడుగున తేలారు. మరుసటి ఏడాది, 2009 మే 24న, జొహానెస్‌బర్గ్‌లో అదే జట్టు కప్పు ఎత్తింది. తాతకి ఒక నమ్మకం అప్పుడు పడింది. అడుగున ఉన్నవాడు పైకొస్తాడు, రాసేవాడు మాత్రం వారం మానకూడదు. ఆయన ఏ ఆదివారం సాయంత్రమూ మానలేదు.

2014 జులైలో ప్రొ కబడ్డీ వచ్చింది. తెలుగు టైటాన్స్ అన్న పేరు తాత నా మీద పసుపు సుద్దతో రాశాడు. మిగతా ఏడు జట్లూ తెల్లసుద్దే. క్రికెట్ పట్టిక రాసేటప్పుడు నా ముందు నిలబడని మనుషులు ఇప్పుడు నిలబడ్డారు. జీడి బట్టీలో పనిచేసే ఆడవాళ్ళు, లారీ కలాసీలు, పొలం నుంచి వచ్చే ముసలివాళ్ళు. చెడుగుడు వాళ్ళకి ఒకరు చెప్పనక్కర్లేదు. కూత పట్టడం, కాలు దొరకబుచ్చుకోవడం, గీత తాకడం వాళ్ళ ఒంట్లో ఉంది. వాళ్ళకి కొత్తదల్లా నా మీది లెక్క. గెలిస్తే 5. సమమైతే చెరో 3. ఏడు లేదా అంతకంటే తక్కువ తేడాతో ఓడితే 1. అంతకు మించితే సున్నా.

జీడిపిక్కలు కొట్టి పప్పు తీసే అప్ప ఒకావిడ ఉంది. జీడి రసానికి ఆవిడ వేళ్ళు నల్లగా కాలిపోయి ఉంటాయి. ఆ లెక్క తాత దగ్గర రెండుసార్లు చెప్పించుకుని, "దగ్గరికొచ్చి ఓడిపోయినోడికి కూడా ఒకటి ఇస్తారా? ఎంత మంచి ఆటో బావూ" అంది. ఆవిడ పనిలో గుండుపప్పు విరిగి బద్దయితే రేటు తగ్గుతుంది. దగ్గరికొచ్చినందుకు ఎవరూ ఏమీ ఇవ్వరు. ఆ రోజు నుంచి ప్రతి సోమవారం పనికి పోతూ నా ముందు ఆగేది. చదువు రాదు. పసుపు పేరున్న గీత కింద నుంచి ఎన్నోదో వేళ్ళతో లెక్కపెట్టుకుని వెళ్ళిపోయేది.

మొదటి సీజన్లలో ఆ పసుపు గీత మధ్యలోనో పైనో ఉండేది. విశాఖలో రాజీవ్ గాంధీ ఇండోర్ స్టేడియంలో ఆటలుంటే మావాళ్ళు రైలెక్కి 200 కిలోమీటర్లు పోయి చూసొచ్చేవారు. రాహుల్ చౌదరి కూతకి వెళ్తున్నాడంటే టీ గ్లాసులు గాల్లోనే ఆగిపోయేవి. లీగులో 500 రైడ్ పాయింట్లు అందరికంటే ముందు అందుకున్నది అతనే. 2015 సెమీఫైనల్లో బెంగళూరు బుల్స్ చేతిలో 39-38. ఒక్క పాయింటు. తాత ఆ రెండు అంకెలూ రాసి, సుద్దముక్క జేబులో పెట్టుకుని, ఆ రాత్రి కొట్టు తొందరగా కట్టేశాడు. 2016లోనూ సెమీస్ దాకా వెళ్ళి ఆగిపోయారు. 2017లో జట్లు పన్నెండయ్యాయి. వరసలు ఇరుకయ్యాయి, అక్షరాలు చిన్నవయ్యాయి. మా పసుపు గీత మెల్లగా కిందికి జారడం మొదలైంది.

2018 అక్టోబరు 7, ఆదివారం. ఆరో సీజన్ చెన్నైలో మొదలైంది. తాత నా మీద పన్నెండు పేర్లూ రాసి, ఎదురుగా గళ్ళు ఖాళీగా ఉంచాడు. గురువారం తెల్లవారకముందే తిత్లీ తుపాను తీరం దాటింది. గాలి నన్ను మేకుల నుంచి ఊడబెరికింది. రోడ్డవతల కాలవలో బోర్లా పడ్డాను. నా మధ్య పలక నిలువునా చీలింది. ఆ చీలిక ఇప్పటికీ ఉంది, పాయింట్ల గడి పక్కనే. నా బాధ పెద్దదని చెప్పను. ఉద్దానంలో తరాలుగా పెంచుకున్న కొబ్బరి, జీడి, పనస వేళ్ళతో సహా పడిపోయాయి. కొబ్బరిచెట్టు పడితే రైతుకి ఒక పంట పోయినట్టు కాదు, మళ్ళీ నాటి కాపు కోసం ఏళ్ళు ఎదురుచూడాలి. ఆ తుపాను తర్వాత హైదరాబాదు, చెన్నై రైళ్ళెక్కిన కుర్రాళ్ళలో తాత కొడుకు కూడా ఉన్నాడు.

కరెంటు లేదు. ఫోన్లు లేవు. ఎవరో నన్ను కాలవ నుంచి తీసి గోడకి ఆనించారు. రోజుల తర్వాత సిగ్నల్ అందుకున్నప్పుడు అప్ప పెద్దకొడుకు హైదరాబాదు నుంచి తాత ఫోన్‌కే చేశాడు. "అమ్మ ఉందా? ఇల్లు నిలబడిందా?" అని అడిగాడు. "ఉంది. కప్పు ఎగిరిపోనాది, మనుషులు బాగున్నారు" అన్నాడు తాత. కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. తర్వాత ఆ కుర్రాడు, "తాతా, మనోళ్ళ మొదటి ఆట గెలిసినార్లే. రాసుకో" అన్నాడు. తాత తడిసిన గోడ దగ్గర కూచుని, నా చీలిక పక్కన 5 వేశాడు. ఆ ఊళ్ళో తుపాను తర్వాత నేను చూసిన మొదటి మంచివార్త అదే.

కరోనా వల్ల 2020లో ప్రొ కబడ్డీ లేదు. కొన్నాళ్ళు రాకా లేదు, పోకా లేదు. రైళ్ళెక్కి పోయిన కుర్రాళ్ళు చాలామంది తిరిగొచ్చారు. తాత కొడుకూ కోడలూ మూడేళ్ళ పాపతో వచ్చి, మళ్ళీ పనుల మీద వెళ్తూ పాపని తాత దగ్గర ఉంచారు. అంగన్‌వాడీలో పలక పట్టాల్సిన వయసుని కరోనా తినేసింది. ఆ పాప పగలంతా నా కిందే ఆడుకునేది.

2021 డిసెంబరులో బెంగళూరులో ఎనిమిదో సీజన్ మొదలైంది. ప్రేక్షకుల్లేరు. అన్ని జట్లూ ఒకే చోట. టైటాన్స్ ఓడిపోతూనే ఉన్నారు. జనవరిలో జైపూర్ మీద ఒక్క పాయింటు తేడాతో ఒక ఆట గెలిచారు. అదే మొదటిది, అదే చివరిది. 22 ఆటలు, 1 గెలుపు, 4 సమం, 17 ఓటములు. 2022లో 22 ఆటలు, 2 గెలుపులు. 2023లో పవన్ సెహ్రావత్‌ని 2 కోట్ల 60 లక్షల 50 వేలకి కొన్నారు. అప్పటిదాకా ఆ లీగులో ఎవరికీ అంత ధర పలకలేదు. ఆ సీజన్లోనూ 2 గెలుపులే. మూడు సీజన్లు, 66 ఆటలు, 5 గెలుపులు. మూడుసార్లూ పన్నెండో స్థానం.

పన్నెండో స్థానం అంటే నా కింది అంచు. పసుపు గీత పాప చేతికి అందే ఎత్తుకి దిగింది. మిగతా పేర్లు తెల్లగా పైనెక్కడో ఉన్నాయి. అందినదొక్కటే ఆ పసుపు పేరు. మొదట తుడిచేసేది. తాత కసురుకునేవాడు కాదు, మళ్ళీ రాసేవాడు. ఒకరోజు తుడవకుండా, చూపుడువేలితో దాని మీదే దిద్దింది. తకి ఎత్వం, లకి కొమ్ము, గకి కొమ్ము. ఎన్నో వేల చేతులు నా మీద అక్షరాలు దిద్దాయి. ఈ వేలు దిద్దినంత మెత్తగా ఏదీ దిద్దలేదు. ఆదివారం ఆదివారం తాత అదే పేరు అదే చోట రాశాడు, పాప అదే పేరు దిద్దింది. అలా కింద గడిచిన రెండో సీజన్ ముగిసేసరికి సుద్దముక్క తీసుకుని తనే రాసింది. ఆ పాపకి మొదట రాయడం వచ్చిన మాట అమ్మ కాదు, ఆవు కాదు, తెలుగు.

"ఇన్ని వారాలై కిందనే రాస్తన్నావు, మానీరాదా?" అని ఎవరైనా అంటే తాత ఒకటే జవాబు చెప్పేవాడు. "ఉన్నది రాయాల. లేనిది రాయకూడదు." నేనూ అంతే అనుకుంటాను. గెలిచిన వారాలు మాత్రమే రాసేవాడి పట్టికని ఎవరూ నమ్మరు. అప్ప కూడా ఆగడం మానలేదు. కింద నుంచి లెక్కపెట్టే పని తప్పిందని చెప్పి, ఎదురుగా ఉన్న అంకె ఎంతో అడిగేది. 15 అంటే, "రెండు గెలుపులకి పదే కదా, మిగతా ఐదు దగ్గరికొచ్చి ఓడినవన్నమాట" అని తేల్చేది. ఓటమిలో దగ్గరికొచ్చిన ఆటల్ని వెతికి లెక్కపెట్టిన మనిషిని నేను ఆవిడనొక్కదాన్నే చూశాను.

2024లో గీత కదిలింది. పవన్ మధ్యలో గాయపడితే విజయ్ మాలిక్ జట్టుని మోశాడు. 22 ఆటల్లో 12 గెలుపులు, 66 పాయింట్లు. అప్పట్లో ప్లేఆఫ్స్‌కి ఆరు జట్లు వెళ్ళేవి. మావాళ్ళు ఏడో స్థానం. పాప మునివేళ్ళ మీద నిలబడి ఆ పేరు అందుకుంది.

2025 ఆగస్టు 29న పన్నెండో సీజన్ విశాఖలో, విశ్వనాథ్ స్పోర్ట్స్ క్లబ్‌లో మొదలైంది. తాత కొట్టు కట్టేసి మనవరాలిని తీసుకుని రైలెక్కాడు. ఎదురుగా తమిళ్ తలైవాస్. వాళ్ళ నాయకుడు మన పాత పవన్. 38-35తో ఓడారు. తిరిగొచ్చి తాత పట్టిక రాయబోతే ఇంకో చిక్కు. లెక్క మారింది. గెలుపుకి 5 పోయి 2 వచ్చాయి. సమం లేదు, తేల్చేదాకా ఆడిస్తారు. దగ్గరగా ఓడినవాడికి ఇచ్చే ఆ ఒక్కటి కూడా తీసేశారు. తాత ఆ మాట అప్పకి చెప్పడానికి రెండు సోమవారాలు వాయిదా వేశాడు. చెప్పినప్పుడు ఆవిడ, "అయితే గెలవాలన్నమాట" అని పనికి వెళ్ళిపోయింది.

గెలిచారు. 18 ఆటల్లో 10. నాలుగో స్థానం. ప్లేఆఫ్స్‌లో బెంగళూరుని కొట్టారు, పట్నాని కొట్టారు. మోంథా తుపాను వానలు కురిసిన వారంలో, ఫైనల్‌కి ఒక్క ఆట దూరంలో, పుణె చేతిలో 50-45తో ఆగారు. ఐదు పాయింట్ల తేడా. లీగు ఆటైతే పాత లెక్కలో దానికి ఒకటి వచ్చేది.

టైటాన్స్ జట్టుని నడిపేవారికి ఒక మాట చెప్పుకోవాలి. పదకొండేళ్ళుగా నేను మోసిన పెద్ద పేర్లన్నీ దూరం నుంచి వచ్చినవే. రాహుల్‌ది బిజ్నూరు, సిద్ధార్థ్ దేశాయ్‌ది కొల్హాపూర్, పవన్‌ది ఢిల్లీ. వాళ్ళని మావాళ్ళు పరాయివాళ్ళనుకోలేదు. వాళ్ళు గెలిచినప్పుడు మనోళ్ళనే అన్నారు, ఓడినప్పుడూ మనోళ్ళనే అన్నారు. కానీ సంక్రాంతికి ఉద్దానం పల్లెల్లో మట్టిలో కూత పట్టే కుర్రాళ్ళున్నారు. మోకాళ్ళు చెక్కుకుపోయి నా ముందు టీ తాగుతారు. వాళ్ళ కింద మ్యాట్ లేదు, వెనక కోచ్ లేడు. మీరు విశాఖ దాకా వచ్చారు. ఇంకో 200 కిలోమీటర్లు రండి. పలాసలో దిగి, కాశీబుగ్గ దారి పట్టి, చీలిన నల్లబల్ల ఎక్కడని అడగండి.

సీజన్ అయిపోయాక కూడా ఈసారి పట్టిక తుడవలేదు. నాలుగో వరసలో పసుపు పేరు తాత రాసింది కాదు. ఎనిమిదేళ్ళ మనవరాలు బెంచీ ఎక్కి రాసింది.