తీగ లాగితే డొంక: ఇంటికి ఫైబర్ నెట్ పెట్టించుకునే విధానం

ఇంటికి ఫైబర్ నెట్ పెట్టించుకోదలచిన గృహస్థు మొదట చేయాల్సిన పని ఒకటుంది. ఆదివారం పొద్దున్నే కాగితం మీద నిలువు గళ్లు గీసి, కంపెనీల రేట్లన్నీ వరసగా రాసుకోవాలి. దీనివల్ల ఏ కంపెనీ మంచిదో తేలదు గానీ ఆదివారం హాయిగా గడిచిపోతుంది. మిగతా మెట్లు కింద ఉన్నాయి. వీటిని తు.చ. తప్పకుండా పాటించిన ఇళ్లు కూకట్‌పల్లిలోనూ ఉన్నాయి, విజయవాడ పటమటలోనూ ఉన్నాయి.

మొదటి మెట్టు: రేటు తప్ప ఇంకేమీ చూడకూడదు

ఈ మెట్టు ఎక్కడానికి కాస్త చరిత్ర తెలిసి ఉంటే మంచిది. 2017లో యాక్ట్ ఫైబర్‌నెట్ హైదరాబాద్‌లో సెకనుకు ఒక గిగాబిట్ వేగంతో ప్లాను తెచ్చి, నెలకు 5,999 రూపాయలని చెప్పినప్పుడు నగరం నోరు తెరిచింది. 2019 సెప్టెంబర్ 5న జియోఫైబర్ 699 నుంచి 8,499 రూపాయల దాకా ప్లాన్లు పరిచింది. ఏడాది తిరిగేసరికి అదే సంస్థ 399 రూపాయలకు 30 ఎంబీపీఎస్ ఇస్తానంది. ఎయిర్‌టెల్ 499కి 40 ఎంబీపీఎస్ అంది. బీఎస్‌ఎన్‌ఎల్ 449కి 30 అంది. జియో రాకముందే, 2017 డిసెంబర్‌లో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ నెలకు 149 రూపాయలకే 15 ఎంబీపీఎస్ నెట్టు, టీవీ చానెళ్లు, ఫోను కలిపి ఇస్తానని ముందుకొచ్చింది.

అంటే 2020 చివరికి మూడు పెద్ద కంపెనీల ప్రారంభ ప్లాన్ల మధ్య తేడా సరిగ్గా వంద రూపాయలు. ఈ వంద కోసం గృహస్థు కనీసం రెండు వారాలు ఆలోచించాలి. ఇంట్లో అందరి అభిప్రాయం అడగాలి. అమెరికాలో ఉన్న బావమరిదికి వాట్సాప్‌లో పట్టిక పంపాలి. ఆయన అక్కడి బిల్లు చెప్పి, మీకేం తక్కువ బావా అంటాడు. చర్చ అక్కడితో ముగుస్తుంది.

బోర్డు మీద 499 అని కనిపిస్తే జేబులోంచి 499 తీయాలని అనుకోవడం మాత్రం అమాయకత్వం. బ్రాడ్‌బ్యాండ్ మీద జీఎస్టీ 18 శాతం. 499 కాస్తా 588 రూపాయల 82 పైసలవుతుంది. ఇన్‌స్టలేషన్ ఫ్రీ కావాలంటే ఆరు నెలలు ఒకేసారి కట్టమంటారు. అప్పుడు 3,532 రూపాయల 92 పైసలు. వంద రూపాయల కోసం రెండు వారాలు ఆలోచించిన మనిషి మూడున్నర వేలు రెండు నిమిషాల్లో ఫోన్‌పే చేసేయాలి. ఆ తర్వాత ఆరు నెలలపాటు కంపెనీ ఆయన్ని బతిమాలాల్సిన అవసరం ఉండదు.

రెండో మెట్టు: అన్‌లిమిటెడ్ అన్న మాటకు అర్థం వెతకకూడదు

జియో, ఎయిర్‌టెల్, బీఎస్‌ఎన్‌ఎల్ మార్కెట్లో ఒకరినొకరు ఓడించుకోవడానికి ఎంత పోటీపడినా ఒక్క విషయంలో అన్నదమ్ములే. అపరిమితం అంటే ఎంత అన్న ప్రశ్నకు ముగ్గురూ చిన్న అక్షరాల్లో ఒకే జవాబు రాశారు: నెలకు 3,300 జీబీ. అనంతానికి ఇంత కచ్చితమైన కొలత మన పూర్వులు కూడా చెప్పలేదు.

నిజానికి మామూలు ఇంటికి అది ఎక్కువే. 100 ఎంబీపీఎస్ లైను రాత్రీపగలూ ఆగకుండా పూర్తి వేగంతో పరిగెడితే తప్ప సుమారు మూడు రోజుల్లో అయిపోదు. అంత ఎవరూ వాడరు. అందుకే గృహస్థు దాని గురించి కంగారు పడాలి. అసలు కంగారు పడాల్సింది పరిమితి దాటాక వేగం ఎంతకు పడిపోతుందన్నది. బీఎస్‌ఎన్‌ఎల్ 449 ప్లాను ప్రకటించినప్పుడు అది 2 ఎంబీపీఎస్. 2023 జనవరిలో కేంద్రం బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి కనీస వేగాన్ని 512 కేబీపీఎస్ నుంచి 2 ఎంబీపీఎస్‌కు పెంచింది. అంటే సరిగ్గా గీత మీద నిలబడ్డట్టు. పరిమితి ఎంతో, అది దాటాక వేగమెంతో ముందే స్పష్టంగా చెప్పాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016లోనే కంపెనీలను ఆదేశించింది. కంపెనీలు చెబుతూనే ఉన్నాయి. చదవడం గృహస్థు వంతు కాబట్టి ఆ పని జరగదు.

ఇక 100 ఎంబీపీఎస్ లైన్లో సినిమా దిగుమతి చేసుకుంటే సెకనుకు 100 ఎంబీ రావాలని గొడవకు దిగాలి. ఎంబీపీఎస్‌లో ఉన్నది బిట్లు, ఫైలు కొలిచేది బైట్లలో, ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు, కాబట్టి వచ్చేది మహా అయితే 12.5 అని ఫోన్లో అమ్మాయి ఓపికగా వివరిస్తుంది. నమ్మకూడదు.

ఫైబర్ అన్న మాటను కూడా ఇంతే నమ్మకంగా తీసుకోవాలి. 2023 వినాయక చవితినాడు హైదరాబాద్‌తో సహా 8 నగరాల్లో జియో ఎయిర్‌ఫైబర్ మొదలైంది. అందులో ఇంటిదాకా వచ్చేది తీగ కాదు, రేడియో తరంగం. డాబా మీద యాంటెనా పెడతారు. ఇంకొందరు ఫైబర్‌ను అపార్ట్‌మెంట్ దాకా తెచ్చి మెట్లకింద స్విచ్‌లో దింపి, అక్కడినుంచి మామూలు లాన్ కేబుల్ పైకి లాగుతారు. మెట్లకింద కరెంటు పోతే, పైన ఫ్లాట్‌లో ఇన్వర్టర్ ఉన్నా నెట్టు ఉండదు. తీగ ఇంట్లోకి ఏ రూపంలో వస్తుందని అడిగితే తెలిసిపోతుంది కాబట్టి అడగకూడదు.

మూడో మెట్టు: డబ్బా పెట్టే చోటు కుర్రాడికే వదిలేయాలి

ఫైబర్‌లో వచ్చేది వెలుగు. దాన్ని వైఫైగా మార్చే పెట్టె ఓఎన్‌టీ. ఇది ఫ్రీ అంటారు. ఫ్రీ అంటే అరువు. కనెక్షన్ వదిలేసే రోజున డబ్బా, అడాప్టరూ తిరిగివ్వాలి, రసీదు తీసుకోవాలి. రసీదు తీసుకోని వారికి డిపాజిట్ గురించి మాట్లాడుకోవడానికి చాలా కాలం విషయం దొరుకుతుంది.

డబ్బా ఒక బ్యాండుదా, రెండు బ్యాండులదా అన్నది అసలు ప్రశ్న. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం గోడలు దాటుతుంది గానీ ఇరుకు, పైగా చుట్టుపక్కల ఫ్లాట్ల వాళ్లంతా అందులోనే. 5 గిగాహెర్ట్జ్ వేగంగా వస్తుంది గానీ గోడ చూస్తే నీరసపడుతుంది. 300 ఎంబీపీఎస్ ప్లాను తీసుకుని ఒక బ్యాండు డబ్బా పెట్టించుకుంటే వచ్చేది అందులో చిన్న ముక్క. ప్లానుకు నెలనెలా డబ్బు పోస్తూ డబ్బా సంగతి వదిలేసే ఇళ్లు కంపెనీలకు ఎంతో ప్రీతిపాత్రమైనవి.

ఇప్పుడు కుర్రాడు వస్తాడు. భుజానికి తీగచుట్ట, చేతిలో డ్రిల్లు. గుమ్మం పక్కన చెప్పుల స్టాండు పైన డబ్బా బిగించబోతాడు.

"హాల్లో పెట్టు తమ్మీ" అంటాడు గృహస్థు.

"వైర్ సరిపోదన్నా. గీడ పెడితే సిగ్నల్ మంచిగుంటది."

సరే అనేయాలి. ఇల్లంతటిలో వైఫై బ్రహ్మాండంగా అందేది ఇకనుంచి చెప్పులకే. తర్వాత కుర్రాడు డబ్బాకు మూరెడు దూరంలో నిలబడి ఫోన్లో స్పీడ్ టెస్ట్ చేసి చూపిస్తాడు. పెళ్లిచూపుల నాటి స్వీటు లాంటిది ఆ అంకె, మళ్లీ కనిపించదు. ఆ సమయంలో గృహస్థు పడగ్గదిలోకి వెళ్లి తలుపు వేసి అదే పరీక్ష చేయమంటే కుర్రాడి టైము వృథా. అందుకని ఓటీపీ చెప్పేసి పంపించాలి.

తీగను కిటికీ రెక్కకూ చట్రానికీ మధ్య నలిగేలా లాగినా పట్టించుకోకూడదు. లోపల ఉన్నది గాజు. మరీ పదునుగా మడిస్తే వెలుగు పక్కకు కారిపోతుంది. డబ్బాకు అందే వెలుగును మీటర్‌తో డీబీఎంలలో కొలుస్తారు. ఎక్కువ ఇళ్లలో వాడే జీపాన్ పద్ధతిలో ఇది మైనస్ 8కీ మైనస్ 27కీ మధ్య ఉండాలి. మైనస్ 20 దగ్గరుంటే నిశ్చింత. మైనస్ 27 అంచున ఉంటే వాన పడ్డ రోజున ఎర్ర లైటు ఖాయం. కుర్రాడి సంచిలో మీటరు ఉంటుంది, రీడింగు చూపించడానికి అర నిమిషం చాలు. తెలుగు నేల మీద ఆ అర నిమిషాన్ని అడిగి వాడుకున్నవారు అరుదు.

పాత ల్యాండ్‌లైను సంగతి ఇంట్లో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఊరంతా చీకటైనా ఫోను మోగేది, ఎందుకంటే రాగి తీగలో కరెంటు ఎక్స్‌ఛేంజి నుంచే వచ్చేది. గాజులో కరెంటు రాదు. ఇంట్లో పవర్ పోతే డబ్బా ఆరిపోతుంది, దానికి తగిలించిన ఫోనూ మూగబోతుంది. రౌటర్‌కు పెట్టే చిన్న యూపీఎస్ బజార్లో దొరుకుతుంది. అది కొనాలన్న ఆలోచన సాధారణంగా ఆఫీసు మీటింగ్ మధ్యలో, చీకట్లో వస్తుంది.

నాలుగో మెట్టు: తలెత్తి స్తంభం వైపు చూడకూడదు

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు. రేటు, వేగం, డబ్బా అన్నీ కంపెనీవి. చివరి వంద గజాల తీగ మాత్రం వీధిది.

ఏపీ ఫైబర్‌నెట్ తవ్వకాల ఖర్చు తప్పించుకోవడానికి తీగను కరెంటు స్తంభాల మీదుగా వేల కిలోమీటర్లు లాగింది. తెలంగాణలో టీ-ఫైబర్ కోసం మిషన్ భగీరథ మంచినీటి పైపుల కందకాల్లోనే గొట్టాలు వేశారు. స్తంభం మీద తీగ తక్కువ ఖర్చుతో, త్వరగా వస్తుంది. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లాలో స్తంభాలను వరసగా పడగొట్టినట్టు పడగొడితే అంతే త్వరగా పోతుంది. భూమిలో తీగకు గాలివాన భయం లేదు, జేసీబీ భయం ఉంది.

హైదరాబాద్‌లో స్తంభాల మీది తీగల సంగతి హాస్యం దాటిపోయింది. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ వెంటనే స్తంభాల మీది కేబుళ్లు తొలగించాలని ప్రభుత్వం ఆదేశించింది. విద్యుత్ సిబ్బంది కత్తెరలు పట్టుకుని బయల్దేరారు. ఏది ఎవరి తీగో, ఏది పనిచేస్తుందో, ఏది ఏళ్లకిందట వదిలేసిందో విడదీసే వీలు ఆ ఉండల్లో లేదు. చాలా కాలనీల్లో నెట్ ఆగిపోయింది. వ్యవహారం హైకోర్టుకెక్కింది. అనుమతి ఎవరికుంది, అద్దె ఎవరు కట్టారు, పాత తీగలు ఎవరు తీయాలి అన్న ప్రశ్నలు అప్పుడు పుట్టినవి కావు. అంతకుముందు ఎవరూ తలెత్తి చూడలేదు, అంతే.

అపార్ట్‌మెంట్లలో ఇంకో సౌకర్యం ఉంది. కొన్నిచోట్ల సంఘం ఒకే కంపెనీని లోపలికి రానిస్తుంది. అప్పుడు ఆదివారంనాడు గీసిన పట్టికను నేరుగా పాత పేపర్లవాడికి వేసేయొచ్చు. ఇలా ఒక్కరికే తలుపు తెరవడం మానాలని ట్రాయ్ 2017 జనవరిలోనే సిఫార్సు చేసింది. వాచ్‌మన్‌కు ఆ కబురు ఇంకా చేరలేదు.

ఐదో మెట్టు: ఫిర్యాదు నంబరు రాసుకోకూడదు

ఎర్ర లైటు వెలిగిన రోజున గృహస్థు మొదట డబ్బాను ఆపి మళ్లీ వేయాలి. తర్వాత కాల్ సెంటర్‌కు ఫోన్ చేస్తే వాళ్లు కూడా అదే చేయమంటారు. మీ ఏరియాలో ఫైబర్ కట్ అయింది సార్, నాలుగు గంటల్లో వచ్చేస్తుంది అంటారు. నాలుగు గంటల తర్వాత మళ్లీ చేస్తే, మళ్లీ నాలుగు గంటలు. వీధి చివర లైన్‌మన్ నంబరు తెలిసిన పక్కింటాయన మాత్రం రెండు గంటల్లో నెట్ తెచ్చుకుంటాడు.

గృహస్థు పక్షాన రాతకోతలు లేవని కాదు. డబ్బు కట్టించుకుని 15 పనిదినాల్లో కనెక్షన్ ఇవ్వకపోతే రోజుకు 10 రూపాయలు జమ చేయాలని ట్రాయ్ 2006లో పెట్టిన నాణ్యతా ప్రమాణాల్లో ఉండేది. హైదరాబాద్‌లో ఈ రోజుల్లో దానికి ఒక ఇరానీ చాయ్ కూడా రాదు. మూడు పనిదినాలు దాటినా లైను బాగుచేయకపోతే ఏడు రోజుల అద్దె, ఏడు దాటితే పదిహేను రోజులది, పదిహేను దాటితే నెల అద్దె తగ్గించాలనీ అందులోనే ఉండేది. 2024 అక్టోబర్ నుంచి వాటి స్థానంలో కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చాయి. ఫిర్యాదులకు వేరే నిబంధనలున్నాయి. వాటి ప్రకారం ఫిర్యాదుకు డాకెట్ నంబరు ఇవ్వాలి, జవాబు నచ్చకపోతే కంపెనీలోనే ఉన్న అప్పీలు అధికారికి రాసుకోవచ్చు, ఆయన 39 రోజుల్లో తేల్చాలి. ట్రాయ్‌కు నేరుగా ఉత్తరం రాస్తే లాభం లేదు, అది ఒక్కొక్కరి ఫిర్యాదులు విచారించదు. ఇదంతా పనిచేయాలంటే డాకెట్ నంబరు చేతిలో ఉండాలి. అది ఎస్సెమ్మెస్‌లో వస్తుంది, లోన్లిస్తామన్న మెసేజ్‌లతో పాటు చెరిగిపోతుంది.

ఈ ఐదు మెట్లూ ఎక్కే ఓపిక లేనివారికి అడ్డదారి ఒకటుంది. మీ అంతస్తులో, మీ వీధిలో ఉన్నవాళ్లను కిందటి వానాకాలంలో ఎన్నిసార్లు నెట్ పోయిందో, ఎవరొచ్చి బాగుచేశారో అడగండి. బిగించే రోజున డీబీఎం రీడింగు ఫొటో తీసుకోండి, రెండు బ్యాండుల డబ్బానే కావాలనండి, దాన్ని ఇంటి మధ్యలో పెట్టించండి. ఆరు నెలలకు కట్టే ముందు ఒక్క నెలకు కట్టి చూడండి. ఆ నెల శ్రావణమైతే మరీ మంచిది.