బొలోన్యా వసారాల్లో కంది మనిషి

మా పాశమైలారం మందుల కంపెనీల్లో పనిచేసేవాడు ఎవడైనా ఇటలీ పోయొచ్చాడంటే, వెనిస్‌లో పడవెక్కావా అని అడక్కూడదు. బొలోన్యాలో మిషను సరిగ్గా నడిచిందా అని అడగాలి. బ్లిస్టర్ మిషన్లు, మాత్రలను డబ్బాల్లో పెట్టే మిషన్లు చేసే కంపెనీలు ఆ ఊరి చుట్టూ ఎన్ని ఉన్నాయంటే, ఆ ప్రాంతానికి ప్యాకేజింగ్ వ్యాలీ అని పేరే పడిపోయింది. కొన్న మిషను ఓడెక్కకముందే మనవాళ్లు వెళ్లి నడిపించి చూసుకోవాలి. అట్లా నన్నూ, మా క్వాలిటీ సారునూ పంపారు. ఆయన శాకాహారి. దేనికైనా రికార్డు చూపించమనే రకం. బయల్దేరేటప్పుడు మా అమ్మ, "ఆడ అన్నం దొరుకుతదా బిడ్డా?" అని ఒక్కమాటే అడిగి, జవాబు వినకుండా సకినాల డబ్బా పెట్టెలో కుక్కింది.

పగలంతా మిషను, సాయంత్రమైతే ఊరు. దిగిన రోజే వాన. అయినా ఒక్కడి చేతిలో గొడుగు లేదు. వీధికి అటూ ఇటూ ఇళ్ల కిందే కమానుల వసారాలు, జనమంతా వాటి కిందే నడక. మొత్తం 62 కిలోమీటర్లట, అందులో 38 పాత ఊళ్లోనే. అంటే సంగారెడ్డి జిల్లాలో మా ఊరు కందిలో బయల్దేరి హైదరాబాద్ చార్మినార్ దాకా నెత్తిమీద చినుకు పడకుండా నడిచిపోవచ్చు, ఇంకా కొంత మిగుల్తుంది. 2021లో యునెస్కో వీటిని వారసత్వ సంపదల్లో చేర్చింది. కొండమీది సాన్ లూకా చర్చికి ఎక్కే వసారా ఒక్కటే దాదాపు నాలుగు కిలోమీటర్లు, 666 కమానులు. సారు లెక్కపెడుతూ ఎక్కుతుంటే సగంలో ప్లాంటు నుంచి ఫోనొచ్చింది. మాట్లాడటం అయ్యాక, మళ్లీ కింది నుంచి మొదలుపెడదామన్నారు.

నాకు బాగా నచ్చింది ఈ వసారాల పుట్టుక. బొలోన్యా విశ్వవిద్యాలయం 1088 నాటిది. చదువుకోను వచ్చిన పిల్లలు, పల్లెల నుంచి బతకను వచ్చిన జనంతో ఊరు కిక్కిరిసింది. ఇంటి ఓనర్లు ఏం చేశారు? మనోళ్లు చేసేదే. పైఅంతస్తు గదుల్ని వీధి మీదికి జరిపారు. అవి కూలకుండా కింద కట్టె స్తంభాలు నిలబెట్టారు. సాఫుగా కబ్జా! అయితే అక్కడి పెద్దలు పైదాన్ని కూలగొట్టలేదు, చూసీచూడనట్టు ఊరుకోనూ లేదు. 1288లో చట్టం చేశారు: వసారా లేనిదే ఇల్లు కట్టొద్దు, దాన్ని బాగుచేసుకునే ఖర్చు ఓనరుదే, జాగా ఓనరుదే, నడక మాత్రం అందరిదీ. ఎత్తు ఎంతుండాలి? గుర్రమెక్కిన మనిషి తల తగలకుండా పోయేంత. మా దగ్గర కబ్జా పైన కాదు, కిందే మొదలవుతుంది. ముందు మెట్టు, మెట్టు మీద రేకు, రేకు కింద ఫ్రిజ్, ఫ్రిజ్ పక్కన కుర్చీ, ఆ కుర్చీలో ఓనరు. నడిచేవాడు లారీల మధ్య హైవే మీద.

చదువు సంగతి వచ్చింది కనుక చెప్పాలి. మా కంది ఐఐటీ 2008లో పుట్టింది, బొలోన్యా కంటే 920 ఏళ్లు చిన్నది. అక్కడ 97 మీటర్ల అజినెల్లీ బురుజు ఉంది. పట్టా చేతికి రాకముందు అది ఎక్కితే ఇక పట్టా రాదని పిల్లల నమ్మకం. కంది క్యాంపస్‌లో అలాంటి బురుజు లేకపోవడం తల్లిదండ్రులు చేసుకున్న పుణ్యం. పక్కనే గరిసెండా అనే పొట్టి బురుజు, ఒరిగిపోయి ఉంది. ఇంకా ఒరుగుతోందని 2023 అక్టోబరులో చుట్టూ అడ్డుకట్టలు పెట్టారు.

పెద్ద చౌరస్తాలో సాన్ పెత్రోనియో చర్చి. 1390లో మొదలుపెట్టారు, ముందరి గోడకు సగం దాకా పాలరాయి, ఆపైన ఇప్పటికీ వట్టి ఇటుకలే. మేడ మీద ఇనుప చువ్వలు వదిలేసి, పెద్దోడి పెళ్లికి ఇంకో అంతస్తు వేద్దామనుకునే మనవాళ్లు ఈ చర్చి ముందు నిలబడితే కళ్లనీళ్లు పెట్టుకుంటారు. మా మెదక్ చర్చి 1914లో మొదలై, కరువు రోజుల్లో జనానికి కూలి చూపించి, 1924 క్రిస్మస్‌కు తలుపులు తెరిచింది. ఈ ఒక్క విషయంలో ఇటలీని గెలిచాం.

ఇక తిండి. బొలోన్యా వాళ్ల ప్రాణం తల్యతెల్లె, గుడ్డు కలిపిన గోధుమపిండి రిబ్బన్లు. ఉడికాక వెడల్పు ఎనిమిది మిల్లీమీటర్లు ఉండాలి. తమాషాకు చెప్పడం లేదు. 1972లో బంగారంతో ఒక నమూనా చేయించి వాణిజ్య మండలిలో దాచారు. ఆ వెడల్పు అజినెల్లీ బురుజు ఎత్తులో 12,270వ వంతట. ఇది విని సారు ముఖం వెలిగిపోయింది. "చూశావా, స్పెసిఫికేషన్ అంటే ఇట్లుండాలె" అంటూ జేబులోంచి వెర్నియర్ తీశారు. వెయిటరు ఏమీ అనలేదు, అనుమతించిన తేడా ఎంతో కూడా చెప్పాడు! మా సర్వపిండికి ఇట్లాంటి మందం ఏదైనా నిర్ణయించబోతే సంగారెడ్డి జిల్లాలో అత్తాకోడళ్ల యుద్ధం మొదలవుతుంది.

గుడ్డు అన్న మాట వినగానే సారు ఆ పళ్లెం నా వైపు జరిపి, పార్మిజాన్ జున్ను మీద పడ్డారు. అలవాటు కొద్దీ దాని తయారీ పద్ధతీ అడిగారు. దూడ పొట్టలోంచి తీసిన పదార్థంతో పాలు విరగ్గొడతారని తేలింది. ఆ రాత్రి నుంచి ఆయనకు మా అమ్మ సకినాలే దిక్కు. రగూ అనే మాంసం కూర మొత్తం నాకే మిగిలింది. బాగుంది, కానీ కారం లేదు. తొక్కు కలిపాక ఇంకా బాగుంది.

కూర్చున్నందుకు బిల్లులో విడిగా డబ్బులు వేశారు. సారు గొడవకు దిగబోతే ఆపాను. సంగారెడ్డి పాత జైల్లో 500 రూపాయలు కట్టించుకుని, ఖైదీ బట్టలిచ్చి ఒక రోజు కూర్చోబెట్టిన ఊరివాళ్లం, మనకేం కొత్త? కాఫీ మాత్రం నిలబడే తాగుతారు, రెండు గుటకలు. భోజనం తర్వాత కపుచినో అడిగితే జ్వరమొచ్చిందా అన్నట్టు చూస్తారు. లాంబ్రూస్కో అని పొంగే ఎర్ర వైను ఉంది. బీరు ఫ్యాక్టరీల జిల్లా వాణ్ని, నురగ తెలుసు, ఎర్ర నురగ కొత్త. పొద్దుటి ఈతకల్లు ముందు దిగదుడుపే.

కంది చౌరస్తాలో దుకాణాలున్న అన్నలకు నాదొక విన్నపం. మీ పైఅంతస్తు ముందుకు జరిపితే జరుపుకోండి. కింద మాత్రం గుర్రమెక్కిన మనిషి పట్టేంత జాగా వదలండి. ఈ రోజుల్లో గుర్రాలెక్కడివి అంటారా? మీ కొడుకు బారాత్ ఎట్లా పోతుంది మరి?