నా ఒంటిమీది సొమ్ములు

సైకిలంటే అన్నీ బిగించి, అట్టముక్కలు చుట్టి, అంగడి ముందర నిలబెట్టి అమ్మే వస్తువని ఇప్పటి పిల్లలు అనుకుంటారు. నేను అట్లా రాలేదు. మద్రాసు పక్కన అంబత్తూరులో, 1949లో మొదలైన టీఐ సైకిల్స్ వాళ్ళ ఫ్యాక్టరీలో పుట్టాను. నొసట హెర్క్యులిస్ బిళ్ళ. ఫ్రేము ఒక మూట, చువ్వలు ఒక మూట, రిమ్ములు ఒక కట్ట, ఇట్లా విడివిడిగా రైలెక్కి ఎర్రగుంట్లలో దిగాను. ప్రొద్దుటూరుకు అప్పుడు రైలు లేదు, 2016లో గానీ రాలేదు. ఎద్దులు లేని బండ్లు వస్తాయని బ్రహ్మంగారు ముందే చెప్పిపోయారని మా వైపు నమ్మకం. ఆ ఎద్దులు లేని బండి ఎర్రగుంట్ల నుంచి ఎద్దులబండి మీదే ప్రొద్దుటూరు చేరింది.

అంగట్లో మేస్త్రీ ముందు చక్రానికి 32, వెనక చక్రానికి 40 చువ్వలు అల్లి, బెండు తీసి, నన్నొక రూపానికి తెచ్చాడు. నా ధరలో వచ్చేది అంతవరకే, నడవడానికి చాలినంత. స్టాండు, క్యారియర్, గంట, లైటు, బీగం, చైన్ కవర్, పంపు, ఇవన్నీ వేరే. గోడకు వేలాడుతుంటాయి. వేలు చూపిస్తే దించుతారు, చీటీలో అంకె పెరుగుతుంది.

నన్ను కొన్నాయన బ్రహ్మంగారిమఠం ఆచారి. కొలిమి పని, కొయ్య పని రెండూ తెలిసినవాడు. 1970ల నాటి మాట ఇది. ప్రొద్దుటూరు బంగారానికి పేరుపడిన ఊరు, పెండ్లి సొమ్ములకు ఎక్కడెక్కడి వాళ్ళో అక్కడికే వస్తారు. ఆ రోజు ఆచారి నాకు సొమ్ములు ఎంచడానికి తీసుకున్నంత సేపు ఏ పెండ్లివారూ తీసుకుని ఉండరు. ముందు నా రంగు చూడలేదు. గొట్టాలు కలిసే చోట గోరుతో గీరి, వంగి వాసన చూసినంత దగ్గరగా చూశాడు.

"ఇత్తడి పోసి అతికినారు" అన్నాడు.

"నల్లరంగు కింద నీకెట్ల కనపడిందప్పా?" అని అంగడాయన.

"కనపడల్యా. అతుకు అంచు చూస్తే తెలీదా?"

ఆయన చెప్పింది నిజమే. నాలాంటి ఉక్కు సైకిలులో గొట్టాలు తొడుగుల్లోకి దిగుతాయి, ఆ సందులోకి కరిగిన ఇత్తడి పాకుతుంది. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి కందిమల్లాయపల్లెకు వచ్చిన కొత్తలో రైతులకు సేద్యపు పనిముట్లు చేసిపెడుతూ బతికారని మఠంలో చెప్పుకుంటారు. ఆ కందిమల్లాయపల్లే ఇప్పటి బ్రహ్మంగారిమఠం. ఆ ఊరి కమ్మరికి అతుకు విలువ ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు.

ఇక బేరం మొదలైంది. మొదటి తగాదా చైన్ కవర్ దగ్గర. అంగడాయన అర కవర్ చూపించాడు. చైన్‌కు పైన ఒక రేకు, అంతే. చౌక, తేలిక, చైన్ జారితే వేలితో ఎక్కించుకోవచ్చు. ఫుల్ కవర్ అయితే చైన్ మొత్తాన్ని మూసేస్తుంది, లోపల ఏదైనా అయితే విప్పి బిగించడానికి అర పూట పడుతుంది. ఇవన్నీ అంగడాయన ఏకరువు పెట్టాడు.

"పంచె కట్టేవానికి అర కవర్ యాడికి చాల్తాదప్పా?" అని ఆచారి ఒక్క మాటతో తేల్చేశాడు. పంచె అంచు పళ్ళచక్రంలో చిక్కితే మనిషి కింద, సైకిలు పైన. అర కవర్ నిక్కర్ల వాళ్ళకు, ప్యాంట్ల వాళ్ళకు. దుమ్ము పడదు, చైన్ నూనె ఎండదు అనేవి ఫుల్ కవర్‌తో వచ్చే అదనపు లాభాలు గానీ అసలు కారణం పంచే.

స్టాండు రెండు కాళ్ళది. ఒంటికాలి స్టాండు మీద వాలి నిలబడితే చూడటానికి షోకుగా ఉంటుంది, వెనక వాసాలో దూలం ముక్కలో కట్టినప్పుడు మెత్తటి మట్టిలో దిగబడి సైకిలు కూలబడుతుంది. క్యారియర్ మాత్రం అంగట్లోది వద్దన్నాడు. "నేను చేసుకుంటా" అన్నాడు. మఠం చేరిన నాలుగైదు రోజులకే పట్టీ ఇనుము సాగగొట్టి, రివెట్లు వేసి, నా వెనక ఇరుసు మీదికి బరువు దిగేటట్టు ఇటు మూడు, అటు మూడు కాళ్ళతో క్యారియర్ చేశాడు. నేనే దాదాపు ఇరవై కిలోలుంటాను. దాంతో ఇంకా బరువెక్కాను. నాకు ఏనాడూ బాధ అనిపించలేదు. బరువు ఎంత అన్నది కాదు, అది ఎక్కడ కూర్చుందన్నదే సైకిలుకు లెక్క.

అంతా బిగించాక ఒక పరీక్ష పెట్టాడు. సీటు కింద ఒక చేయి, హ్యాండిల్ దగ్గర ఒక చేయి వేసి, నన్ను జానెడు ఎత్తి నేల మీదికి వదిలి చెవి ఒగ్గాడు. టైర్ల దబ్బుమనే చప్పుడు తప్ప ఇంకేమీ వినపడకూడదు.

"మడ్‌గార్డు మాట్లాడతాండాది" అన్నాడు.

తెగిన చెప్పు తోలులోంచి బిళ్ళలు కోసి, మడ్‌గార్డు కడ్డీకీ బోల్టుకీ మధ్య పెట్టి మళ్ళీ బిగించాడు. మళ్ళీ ఎత్తి వదిలాడు. ఈసారి గంట మోగింది. దాని మూత కింద కూడా ఒక తోలుబిళ్ళ. ఆ తర్వాత నాకు ఏది తగిలించినా ఈ పరీక్ష తప్పలేదు. దాంట్లో నెగ్గనిది ఎంత అందమైనదైనా ఇంటికి పోయేది కాదు, అంగడికే తిరిగిపోయేది. దారిలో లొడలొడలాడేది ఏదో ఒక రోజు ఊడిపడుతుంది, ఊడిపడేది చక్రంలోకే పడుతుంది.

డైనమో సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి. నాకు తెలిసి దాన్ని సరిగ్గా బిగించినవాళ్ళు తక్కువ. బుడ్డి ఆకారంలో ఉంటుంది, తలకాయ మీది చిన్న చక్రం టైరు పక్కను ఒరుసుకుంటూ తిరుగుతుంది. ఆరు వోల్టులు, మూడు వాట్లు. అందులో ముందు లైటుకు 2.4, వెనక ఎర్రలైటుకు 0.6. బుడ్డిని ఏదో ఒక కోణంలో బిగిస్తే వెలుగు వస్తుంది గానీ టైరు అరిగిపోతుంది. ఆచారి నా ముందు చక్రం ఇరుసుకు దారం కట్టి, దాన్ని డైనమో నడినెత్తి దాకా లాగి చూశాడు. బుడ్డి నిలువుగీత నేరుగా ఇరుసు మధ్యలోకి చూడాలి. వెంట్రుకవాసి పక్కకు పోయినా చిన్న చక్రం దొర్లడం మాని గీకుతుంది. తర్వాత పట్టీ స్క్రూ తగిలే చోట నా రంగు గీకి, ఇనుము బయటపడేదాకా తోమాడు. పక్కన నిలబడిన పిల్లోడు "కొత్త సైకిలు రంగు గీకుతాండావేమి?" అని అడిగాడు. డైనమో నుంచి బల్బుకు పోయేది ఒక్కటే తీగె. తిరిగొచ్చే రెండో తీగెను నేనే, నా ఒళ్ళే. స్క్రూ మొన రంగులోనే ఆగిపోతే లైటు వెలగదు.

ప్రొద్దుటూరులో పని చూసుకుని చాపాడు, కుందూ దాటి, మైదుకూరు మీదుగా మఠానికి వచ్చేటప్పటికి బాగా పొద్దుపోయేది. దారికి ఒక పక్క కేసీ కాలువ నీళ్ళ కింది వరిమళ్ళు, దూరంగా నల్లమల కొండలు. రాత్రిపూట కొండలు లేవు, మళ్ళు లేవు, నా ముందర అరచేతి వెడల్పు వెలుగు. డైనమోలో ఒక దుర్గుణం ఉంది. తొక్కుడు నిదానమైతే లైటు డల్ అవుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు, గుంతల్లో దిగేటప్పుడు, అంటే లైటు ఎక్కువ కావలసిన చోటనే ఎర్రబడి మిణుకుమంటుంది. దాని కీచుమనే గొంతు వింటే కుక్కలు ఊరి పొలిమేర దాకా సాగనంపేవి. అయినా లైటు లేకుండా పోతే పోలీసు ఆపి జరిమానా వేసే రోజులు అవి.

సీటు తోలుది, కింద స్ప్రింగులు. ఇంగ్లండులో 1866లో మొదలైన బ్రూక్స్ వాళ్ళు చేసే తరహాకు మన దేశపు నకలు. కడప ఎండకు తోలు అప్పడం అవుతుంది. ఆచారి పెండ్లాం ఆముదం ఇచ్చేది, ఆయన దాన్ని సీటు పైన కాకుండా కింది వైపు నుంచి పట్టించేవాడు. పైన రాస్తే పంచెకు మరక. ముక్కు దగ్గరి బోల్టును ఏడాదికొకసారి అర చుట్టు తిప్పేవాడు. అంతకంటే ఎక్కువ తిప్పితే తోలు చినుగుతుంది, తిప్పకపోతే ఉయ్యాల అవుతుంది.

కొడుకు చేతికి వచ్చాక నా యోగం మారింది. 1980లు. తెలుగుగంగ పనులు, బ్రహ్మంసాగర్ కట్ట పనులు మొదలై లారీలు, మట్టి, కూలీలు. నన్ను పంపిన మద్రాసుకు నీళ్ళు పంపే పథకం నా ఊరి పక్కనే తవ్వుతుంటే చూశాను. ఆ బురదకు మడ్‌గార్డు చివర రబ్బరు ఫ్లాపు అవసరమైంది. అవసరం అక్కడితో ఆగలేదు. దాని మీద సినిమా నటుడి బొమ్మ. చువ్వలకు ప్లాస్టిక్ పూసలు. సీటుకు జాలరు కుట్టిన మఖ్మల్ తొడుగు. వెనక వచ్చేవాళ్ళెవరినీ చూపించని ఒక చిన్న అద్దం, కొడుకు తల దువ్వుకోవడానికి. అద్దం ఆచారి పరీక్షలో మొదటి రోజే ఓడిపోయింది.

హ్యాండిల్ కుచ్చుల కథ వేరు. అంగట్లో పసుపువే ఉంటే అవే తెచ్చాడు. 1982లో పార్టీ పెట్టిన రామారావుగారు సైకిలు గుర్తుతో గెలిచి ఉన్నారు, 1984లో ఆయనే తెరమీద బ్రహ్మంగారి వేషం వేశారు. సైకిలు, పైగా పసుపు కుచ్చులు, పైగా మఠం సందులో! టీ అంగడి దగ్గర నన్ను నిలబెడితే చాలు, చర్చ మొదలయ్యేది. "ఎర్రవి పెట్టుకో" అంటే అదీ ఒక జెండా రంగే. మా జిల్లాలో ఏ రంగూ ఊరికే ఉండదు. చివరికి తెల్లవి పెట్టాడు, వారానికే మట్టిరంగుకు తిరిగాయి, దాంతో గొడవ వదిలింది.

ఒక్కటి ఒప్పుకుంటాను. ఆ షోకుల్లో నాకు నిజంగా ఇష్టమైంది హబ్బులకు చుట్టిన రంగుల కుచ్చు. ఎర్రా పచ్చా దారపు పోగుల వలయం, ఇరుసు డబ్బీ చుట్టూ వదులుగా పడి ఉంటుంది. చక్రం తిరుగుతుంటే అది వెనకబడి ఒరుసుకుంటూ డబ్బీ మీది నూనెజిడ్డును, దుమ్మును తుడిచేస్తుంది. నికెల్ పూత ఎప్పుడూ తళతళలాడేది. అలంకారం పేరుతో వచ్చి చాకిరీ చేసింది ఆ ఒక్కటే. జానెడు ఎత్తి వదిలినా నోరెత్తేది కాదు, ఆచారి కూడా దాని జోలికి పోలేదు.

తర్వాత మోపెడ్లు, మోటారు సైకిళ్ళు వచ్చాయి. నేను గొడ్లసావిట్లో వెదురు తడికె వెనక్కు పోయాను. దాన్ని సాగదీసి చెప్పడానికేమీ లేదు. ఆచారి పోయాడు. ఎక్కడో సాహిబాబాద్‌లో అట్లాస్ వాళ్ళ సైకిల్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, ప్రపంచ సైకిల్ దినం రోజునే మూతపడిందని సావిట్లో ఎవరో పేపరు చదువుతుంటే విన్నాను.

నన్ను బయటికి తీసింది మనవడు. బెంగళూరులో ఉద్యోగం, తెల్లవారుజామున సన్న టైర్ల సైకిలు మీద పోయే అలవాటు. నా మీది తుప్పు తోమి, అతుకులు చూసి "అవ్వా, ఇది గట్టి స్టీలు" అన్నాడు. తాత పోలిక కొంచెం ఉంది. కానీ తేలిక చేయాలనే పిచ్చి కూడా ఉంది. మడ్‌గార్డులు, క్యారియర్, చైన్ కవర్, డైనమో, అన్నీ విప్పి పక్కన పడేశాడు. మంచి టైర్లని పెట్టెలో తెప్పించాడు. వాటి పెట్టె మీదా 28 అని ఉంది, నా పాత టైరు మీదా 28 అని ఉంది. ఎంత లాగినా ఎక్కలేదు. ఆ కొత్త రకానికి రిమ్ము కొలత 622 మిల్లీమీటర్లు, నాది 635. మైదుకూరులో పాత మేస్త్రీ నవ్వి, అటక మీది నుంచి 28, ఒకటిన్నర టైరు దించాడు. పాలక్యాన్ల వాళ్ళు, సామాన్ల వాళ్ళు ఇంకా వాడుతున్నారు కాబట్టి దొరుకుతోంది.

నీళ్ళ సీసా పెట్టే చట్రం తెచ్చాడు. నా గొట్టానికి దాని కోసం రంధ్రాల్లేవు. మేస్త్రీ రంధ్రం వేస్తానన్నాడు గానీ మనవడు వద్దన్నందుకు సంతోషించాను. పట్టీలతో, కింద పాత ట్యూబు ముక్క చుట్టి బిగించారు. ఛార్జింగ్ లైటు పెట్టాడు. నిలబడినా వెలుగుతుంది, ఎత్తు ఎక్కినా డల్ కాదు. డైనమోను తలుచుకుని బాధపడను, ఈ లైటు మేలైనది. హ్యాండిల్‌కు తోలు పిడులు కుట్టించాడు, అవీ బాగున్నాయి. మడ్‌గార్డులు మాత్రం మొదటి వానలోనే తిరిగొచ్చాయి. బర్రెగొడ్లు నడిచే రోడ్డు మీద వీపు నిండా ఏం పడుతుందో బెంగళూరులో తెలియదు.

వైశాఖ శుద్ధ దశమికి, స్వామి సమాధిలోకి వెళ్ళిన రోజు ఆరాధనకు, నా మీద మఠానికి పోవాలని మనవడికి బుద్ధి పుట్టింది. ముందురోజు అవ్వ కొత్త పంచె తీసిపెట్టింది. కట్టుకుని సీటెక్కి ఒక తొక్కు తొక్కాడో లేదో అంచు పళ్ళచక్రంలోకి పోయింది. పంచె చేత్తో పట్టుకునే మైదుకూరు మేస్త్రీకి ఫోను చేశాడు.

"ఫుల్ కవరా? ఇప్పుడెవరు చేస్తాండారు నాయనా? అర కవరే ఉండాది. మీ తాత పెట్టించింది ఏమైంది?"

అది పెరట్లో ఉంది. అవ్వ దాన్ని వెల్లకిలా పరిచి కోడిపిల్లలకు నూకలు పోస్తోంది. పిల్లలు రెక్కలొచ్చి పెద్దవయ్యేదాకా ఇవ్వనంటోంది.