బొమ్మ వద్దు, సినాప్సిస్ ముద్దు

మా మేనల్లుడు చిత్రలేఖనంలో పీహెచ్‌డీ ఇంటర్వ్యూకి వెళుతూ తాను వేసిన బొమ్మ ఒకటి వెంట తీసుకెళ్లాడు. అక్కడే దెబ్బతిన్నాడు. కాన్వాసు ఆటోలో పట్టకపోతే డ్రైవరుతో బేరమాడి టాపు మీద కట్టించాడు. విశ్వవిద్యాలయం గేటు దగ్గర అది ధర్నా ఫ్లెక్సీ కాదని సెక్యూరిటీకి నచ్చజెప్పాడు. ఆపసోపాలు పడి కమిటీ గదిలోకి చేరిస్తే, ఒక పెద్దాయన దాన్ని గోడవైపు తిప్పి పెట్టమన్నారు. పవర్‌పాయింట్ తెరకి అడ్డొస్తోందట.

"రిసెర్చ్ గ్యాప్ ఏది బాబూ?" అన్నారు ఛైర్మన్‌గారు.

"మా ఊరి చెరువు ఎండేటప్పుడు బురదలో రంగులు మారుతుంటాయి సార్. ఎన్నేళ్లుగానో వేస్తున్నాను. ఇంకా పట్టుబడలేదు."

"అది నీ గ్యాపు. లిటరేచర్‌లో గ్యాప్ ఏదీ అని?"

పక్కాయన అందుకున్నారు. "శాంపిల్ ఎంత తీసుకున్నావ్?"

"ఒక చెరువే సార్."

"ఒకటేం సరిపోతుంది? కనీసం ముప్పై చెరువులుండాలి. ఎండినవి సగం, ఎండనివి సగం."

వాడు తిరిగొచ్చి విషయం చెబితే, నేను కమిటీనే వెనకేసుకొచ్చాను. బొమ్మ చూసి సీటివ్వడం మొదలెడితే రేపు బొమ్మలు వేయగలిగిన వాళ్లందరూ వచ్చి పడతారు. అప్పుడు విశ్వవిద్యాలయం గతేం కాను?

"అసలు నీకెందుకురా ఈ పీహెచ్‌డీ? బీఎఫ్ఏ చేశావు, ఎంఎఫ్ఏ చేశావు, చెయ్యి బాగుంది" అన్నాను. వాడు మాట్లాడకుండా ఫోన్లో ఒక పట్టిక తీసి చూపించాడు. 2018 నాటి యూజీసీ నిబంధనల్లోది. విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకి ఎవరెవర్ని ఇంటర్వ్యూకి పిలవాలో తేల్చే లెక్క అది. పీహెచ్‌డీకి 30 మార్కులు. జాతీయ, అంతర్జాతీయ స్థాయి పురస్కారానికి 3. పొరపాటున సున్నా ఎగిరిపోయిందేమోనని కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. లేదు, మూడే. రాష్ట్రస్థాయి పురస్కారమైతే 2. అచ్చయిన పరిశోధన వ్యాసం ఒక్కోదానికి 2, అలా పది దాకా. బొమ్మల ప్రదర్శనకి గడే లేదు. అంటే లలితకళా అకాడెమీ జాతీయ పురస్కారం అందుకున్నవాడొకడు, పురస్కారం జోలికి పోకుండా రెండు వ్యాసాలు అచ్చేయించుకున్నవాడొకడు వరసలో నిలబడితే, వ్యాసాలవాడు ఒక మార్కు ముందుంటాడు. పురస్కారాలు పది తెచ్చినా మూడు దాటవు. ఆ పెట్టె అక్కడికి నిండిపోయింది.

ఇవన్నీ పిలుపు వచ్చేదాకానే, ఆ తర్వాత ఎంపికంతా ఇంటర్వ్యూని బట్టేనని నిబంధనల్లో ఉందంటారు. నిజమే. పిలుపే రానివాడు ఇంటర్వ్యూలో ఏం చూపిస్తాడో మాత్రం రాయలేదు.

పీహెచ్‌డీ తప్పనిసరి అన్నారు కొన్నాళ్లు. 2021 నుంచి అన్నారు, 2023కి జరిపారు, తీరా ఆ గడువు వచ్చాక అక్కర్లేదు, నెట్ పరీక్ష చాలన్నారు. ముప్పై మార్కులు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. కట్నం మేం అడగం, మీ అమ్మాయికి మీరేం పెట్టుకుంటారో మీ ఇష్టం అన్నట్టుగా ఉంది వరస.

ఆ నెట్ ముచ్చటా చెప్పుకోవాలి. విజువల్ ఆర్ట్, సబ్జెక్టు కోడ్ 79. మూడు గంటలు, 150 ప్రశ్నలు, 300 మార్కులు. నాలుగింట్లో ఒకటి నొక్కడమే. కుంచె పట్టిన చేత్తో మౌస్ పట్టాలి. మా వాడు కిందటిసారి అజంతా, బరోడా దాటి చక్కగా వచ్చాడు గానీ, మొదటి పేపర్లో పర్సెంటేజీల దగ్గర జారిపడ్డాడు. జేఆర్ఎఫ్ అనే ఫెలోషిప్ వచ్చుంటే నెలకి 37,000. రాలేదు కాబట్టి ఎక్కడైనా కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సీటు దొరికితే 8,000. ఆయిల్ రంగుల ధర తెలిసినవాళ్లకి ఈ ఎనిమిది వేలతో ఎన్నాళ్లు బొమ్మ వేయొచ్చో చెప్పక్కర్లేదు. ప్రభుత్వం వారు ముందుచూపుతోనే ఇచ్చారనుకోవాలి: పరిశోధనలో ఉన్నవాడు రంగులెందుకు కొంటాడు?

ఇక టాపిక్. ఇందులో పెద్దలు తేల్చిన రహస్యం ఒకటుంది. పోయిన చిత్రకారుణ్ణి పట్టుకోవడం మేలు. రాజమండ్రి దామెర్ల రామారావు ఉన్నాడు. 1897లో పుట్టి, బొంబాయి జేజే స్కూల్లో చదివొచ్చి, 1925లో ఇరవై ఎనిమిదేళ్లైనా నిండకుండా వెళ్లిపోయాడు. అంత చిన్న వయసులో ఒక ఆర్ట్ గ్యాలరీకి సరిపడా బొమ్మలు మిగిల్చాడు. అదే వయసుకి మన స్కాలర్ సినాప్సిస్ మూడో సవరణలో ఉంటాడు. దామెర్ల ఇవాళ బతికొచ్చినా ఆ పట్టికలో గట్టెక్కడు. ఆయన మీద రాసినవాడు గట్టెక్కుతాడు. అదే బతికున్న చిత్రకారుడితో పెట్టుకున్నారో, చచ్చారే! మీరు "ఆ కుంకుమబొట్టు ప్రాంతీయ అస్తిత్వ ప్రతిఘటనకు సంకేతం" అని అధ్యాయమంతా నడిపించాక, ఆయన వచ్చి "ఎర్రరంగు మిగిలితే పెట్టాను" అనేయగలడు.

మా వాడికి ఈ లౌక్యం లేదు. చెరువు వదిలి కలంకారీ పట్టుకున్నాడు. "శ్రీకాళహస్తి కలంకారీ కళాకారుల సామాజిక, ఆర్థిక స్థితిగతులు: ఒక పరిశీలన" అన్నాడు. కమిటీ మురిసిపోయింది. శాంపిల్ ఉంది, షెడ్యూల్ ఉంది, ఎస్పీఎస్ఎస్‌లో వేయడానికి అంకెలున్నాయి. బొమ్మ ఎక్కడా లేదు. వెంటనే రిజిస్ట్రేషన్ అయింది.

అరవై నాలుగు ప్రశ్నలున్న షెడ్యూలు పట్టుకుని శ్రీకాళహస్తి వెళ్లాడు. మొదటి ఇంట్లో పెద్దాయన పరిచిన గుడ్డ మీద వంగి చింతబొగ్గుతో రేఖలు వేస్తున్నాడు. తలెత్తకుండానే అన్నాడు:

"రా నాయనా, కూచో. యూనివర్సిటీ నుంచేనా? గుడ్డ పాలల్లో ఎందుకు ముంచుతారని అడగతావు. కరక్కాయా పాలూ కలిపి ముంచి ఎండేస్తే రంగు పాకదు. రాసుకున్నావా? రెండోది, నలుపు ఎట్ల వస్తాదని. ఇనప తుక్కు, బెల్లం, నీళ్లు ఏసి దినాలకొద్దీ నాననిస్తాము. రాసుకో. మూడోది, నెలకి ఎంత వస్తాదని. పోయినసారి వచ్చినోళ్లకి ఎంత చెప్పినానో నాకే గుర్తు లేదు. వాళ్ల పుస్తకంలో చూసి అంతే ఏసుకో."

మా వాడు ఇరవై మూడో ప్రశ్నకి దూకాడు. "మీ వృత్తి పట్ల మీరు సంతృప్తిగా ఉన్నారు." పూర్తిగా అంగీకరిస్తున్నాను నుంచి పూర్తిగా విభేదిస్తున్నాను దాకా ఐదు గడులు.

"ముఖం కుదిరిన దినమా, కుదరని దినమా?" అని అడిగాడు పెద్దాయన.

ఆ ముక్కకి గడి లేదు. పెన్ను గాల్లో ఆగింది. అప్పుడు పెద్దాయన వాణ్ణి ఎగాదిగా చూసి, "నీకు గీసేది వచ్చునా?" అన్నాడు. వచ్చన్నాడు. ఎంఎఫ్ఏలో గోల్డ్ మెడల్ అని కూడా అన్నాడేమో, నాకు చెప్పలేదు. పెద్దాయన కలం చేతికిచ్చాడు. మొన చెక్కిన వెదురు పుల్ల, మొనకి కాస్త పైన ఉన్ని చుట్టి దారంతో బిగించి ఉంటుంది. దాన్ని ఇనపనీళ్లలో ముంచి, గీసేటప్పుడు ఆ ఉన్నిని వేళ్లతో ఎంత నొక్కితే అంత నీరు మొనకి దిగుతుంది. మెడలిస్టుగారు గట్టిగా నొక్కారు. అర్జునుడి కనుబొమ్మ ఉండాల్సిన చోట గొంగళిపురుగు లేచింది. పాత గుడ్డముక్క తెచ్చి మళ్లీ గీయమన్నాడు పెద్దాయన. మళ్లీ. మళ్లీ. పొద్దు వాలేవేళకి ఒక గీత కుదిరింది. పడేటప్పుడు లేతగా పడి, గుడ్డలోని కరక్కాయ తగిలేసరికి చూస్తుండగానే నల్లబడిందట. అది చెప్పేటప్పుడు వాడి మొహం చూడాలి.

గైడుగారి మొహం వేరేగా ఉంది. "ఆ రోజు ఎన్ని షెడ్యూళ్లు నింపావు?"

"ఒక్కటీ లేదు సార్. కనుబొమ్మ నేర్చుకున్నాను."

"ఏ చాప్టర్లో పెడతావు దాన్ని?"

నిజంగానే, ఎక్కడ పెడతాడు? అయిదు అధ్యాయాల్లో చెయ్యి తిరగడానికి చోటేదీ? ఫీల్డ్‌వర్క్ రిపోర్టులో ఆ రోజుకి ఎదురుగా "రెస్పాండెంట్ సహకరించలేదు" అని రాయించారు.

తర్వాత గండం సాఫ్ట్‌వేర్. 2018లోనే కాపీల మీద కూడా నిబంధనలొచ్చాయి. పోలిక 10 శాతం దాకా ఉంటే క్షమిస్తారు, 40 దాకా అయితే ఆరు నెలల్లోగా దిద్ది తెమ్మంటారు, 60 దాటితే రిజిస్ట్రేషనే ఎగిరిపోతుంది. దొంగల్ని పట్టాల్సిందే, నాకేం పేచీ లేదు. కానీ మా వాడి డ్రాఫ్టు 31 శాతం దగ్గర తేలింది. గుడ్డ పాలల్లో ముంచే అధ్యాయం మొత్తం ఎర్రబడింది. వాడికి ముందు రాసినవాళ్లందరూ కూడా గుడ్డని పాలల్లోనే ముంచారు మరి. మజ్జిగలో ముంచమని పెద్దాయనకి చెప్పలేరు కదా. వాక్యాలు తలకిందులు చేసి, పాలని "క్షీర మాధ్యమం" చేసి, ముంచడాన్ని "నిమజ్జన ప్రక్రియ" చేసి తొమ్మిదికి దించారు. ఇందులో తమాషా ఏమిటంటే, మధ్యలో అంటించిన నలభై ఫోటోల్లో సగం ఎవరెవరి పుస్తకాల నుంచో స్కాన్ చేసినవి. సాఫ్ట్‌వేర్ వాటి జోలికి పోలేదు. అది చదువుతుంది, చూడదు. చిత్రకళా పరిశోధనకి సరైన పరీక్షకుడే దొరికాడు.

ఒకసారి వాడు ధైర్యం చేసి గైడుగారితో అన్నాడు: ఇంగ్లండులో బొమ్మలే పరిశోధనగా పెట్టి, వెంట కొంత రాతతో పీహెచ్‌డీ ఇస్తున్నారండీ, రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో క్రిస్టఫర్ ఫ్రేలింగ్ కళ గురించి పరిశోధన వేరు, కళ ద్వారా పరిశోధన వేరు అని 1993లోనే రాశాడండీ అని. అమెరికాలో చాలాకాలం ఎంఎఫ్ఏనే చిత్రకారుడికి ఆఖరి డిగ్రీ అనుకున్నారనీ, ఈ పీహెచ్‌డీ అసలు అవసరమా అని జేమ్స్ ఎల్కిన్స్ 2009లో ఒక పుస్తకమే కూర్చాడనీ కూడా చెప్పాడు. గైడుగారు ఓపిగ్గా అంతా విన్నారు. చెడ్డమనిషి కాదు. ఒకప్పుడు నీటిరంగులు బ్రహ్మాండంగా వేసేవారట, ప్రమోషన్ వచ్చేదాకా.

"అంతా బాగుంది నాయనా. బైండింగ్ ఎలా చేయిస్తావు?"

నల్ల రెక్సిన్ అట్ట, బంగారు అక్షరాలు, ఎడమవైపు అంగుళంన్నర మార్జిను. థీసిస్‌లన్నీ దాచే శోధ్‌గంగ వెబ్‌సైటులో పెట్టడానికి పీడీఎఫ్. ఆరడుగుల కాన్వాసుకి మార్జిను ఎటు వదలాలో ఏ సర్క్యులర్లోనూ లేదు. వాడు నోరు మూసుకుని రెక్సిన్ రంగు ఎంచుకోవడానికి వెళ్లాడు. ఆ నాలుగేళ్లలో వాడు రంగు ఎంచుకున్న సందర్భం అదొక్కటే. అందులోనూ నలుపే ఉంది.

వైవా గురించి చెప్పడానికేం లేదు. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు 112వ పేజీలో కామా తప్పు పట్టారు. జీడిపప్పు బాగుందన్నారు.

డాక్టరయ్యాక మా వాడు ఒక కాపీ పట్టుకుని శ్రీకాళహస్తి వెళ్లి పెద్దాయన చేతిలో పెట్టాడు. ఆయన పేజీలన్నీ తిప్పి, తన ఇంటి అరుగు ఫోటో గుర్తుపట్టి, కింద వేలు పెట్టి అడిగాడు: "ఆర్-17 అంటే ఎవురు నాయనా?"

"మీరే తాతా. ఎథిక్స్ ప్రకారం పేరు రాయకూడదు."

"మరి ఈ అట్ట ముందర రాసుండేది ఎవురి పేరు?"

"అది మా గైడుగారి పేరు."

పెద్దాయన ఏమీ అనలేదు. కానీ ఆ తర్వాత వెళ్లినవాళ్లు చెప్పారు, ఇప్పుడు అరుగు మీద పలక మీద సుద్దతో రాసి ఉందట. ఇంటర్వ్యూకి మూడువందలు. పాలల్లో ముంచి చూపిస్తే ఐదువందలు. కలం పట్టుకుని ఫోటోకి నవ్వితే వంద. గీత నేర్చుకునేవాళ్లకి ఊరికే.

ఇంతవరకూ వచ్చిన స్కాలర్లందరూ పైమూడింటికీ డబ్బులు కట్టారట. జీఎస్టీ రసీదు అడిగారట.