పవర్‌బ్యాంకు వీపున ఉన్న వాక్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: రాస్ప్‌బెర్రీ పై 4 అనే అరచేతి కంప్యూటరుకూ, దాని యూఎస్‌బీ హబ్బుకూ, ఆ హబ్బుకు వేలాడే హార్డ్ డిస్కుకూ కరెంటు పోయినా ప్రాణం పోకూడదని సంకల్పించి ఈ వ్యాఖ్యాత ఒక పవర్‌బ్యాంకు కొన్నాడు. దాని వీపున చీమతలలంత అక్షరాల్లో మూలం ఉంది. కళ్లజోడు తుడుచుకుని చదివేది.

మూలం: కెపాసిటీ 10000 ఎంఏహెచ్, 3.7 వోల్టులు. అవుట్‌పుట్ 5 వోల్టులు, 2.1 ఆంపియర్లు.

ప్రతిపదార్థం: కెపాసిటీ = కడుపు; 10000 ఎంఏహెచ్ = పదివేల మిల్లీ ఆంపియర్ గంటలు; 3.7 వోల్టులు = లోపలి లిథియం సెల్లుకు పుట్టుకతో వచ్చిన ఒత్తిడి దగ్గర; అవుట్‌పుట్ = బయటికి వదిలేది; 5 వోల్టులు, 2.1 ఆంపియర్లు = ఇంతవరకే. ‘అడిగేది ఫోనైతే’ అని అధ్యాహారం చేసుకోవాలి.

తాత్పర్యం: పదివేలన్నది 3.7 వోల్టుల దగ్గరి లెక్క, అంటే 37 వాట్ గంటలు. అదే 5 వోల్టుల దగ్గర 7400 అవుతుంది. ఒత్తిడిని పెంచే సర్క్యూటు పదో వంతు వేడి రూపంలో దక్షిణ పుచ్చుకుంటే చేతికొచ్చేది 6600 పైచిలుకు. పై ఊరికే కూర్చుంటే సుమారు 0.6 ఆంపియరు తాగుతుంది; పదకొండు గంటలు గడుస్తుంది. డిస్కు తిరిగితే అందులో సగం.

అలంకారం: అతిశయోక్తి అందామంటే ఒక్క అంకె కూడా అబద్ధం కాదు. అన్నీ నిజాలే చెప్పి నమ్మించడానికి లాక్షణికులు పేరు పెట్టినట్టు లేదు. ‘పై’ మాత్రం శ్లేష: కంప్యూటరూ అవును, పైఖర్చూ అవును.

పూర్వపక్షం: పై 4ను చేసినవారు 5.1 వోల్టులు, 3 ఆంపియర్లు ఇమ్మన్నారు గదా, 2.1 ఎట్లా చాలును?

సమాధానం: ఆ మూడింటిలో 1.2 వరకూ యూఎస్‌బీ రంధ్రాల వాటా. పై ఒంటరిగా ఉన్నంతకాలం చాలుతుంది. హబ్బు వచ్చి సంసారి అయ్యాకే చాలదు. హబ్బు అంటే పంటకాలువకు పెట్టిన నాలుగు తూములు. తూములు పెరిగితే నీళ్లు పెరగవు. చివరి ఆయకట్టున ఉన్న డిస్కు, చక్రం తిప్పడం మొదలెట్టే ఆ క్షణంలో ఒక్కటే ఆంపియరు దాకా అడుగుతుంది. అప్పుడు ఎగువ రైతు కూడా ఎండుతాడు.

ఆక్షేపం: మూలంలో కేబుల్ మాటే లేదే?

సమాధానం: ఈ వ్యాఖ్యాతను వారం రోజులు ఏడిపించింది ఆ లేని మాటే. మీటరు పొడవున్న సన్న తీగ, 28 గేజిది, రానూపోనూ 0.4 ఓము. రెండు ఆంపియర్లు పారితే 0.8 వోల్టు దారిలోనే ఆవిరి. 4.63 వోల్టుల కిందికి దిగితే పై తెర మూలన మెరుపు బొమ్మ చూపిస్తుంది. గెట్ థ్రాటిల్డ్ అనే కమాండుతో అడిగితే 0ఎక్స్50005 అని పలికింది. కుడి కొసన ఉన్న 5కు అర్థం, ‘ఇప్పుడు ఆకలి, అందుకే నెమ్మదించాను’. ఎడమ 5కు, ‘ఇంతకుముందూ ఇదే జరిగింది’. వ్యాఖ్యాత బ్యాటరీని తిట్టాడు, మెమరీ కార్డు మార్చాడు, కొత్త పై కొందామనుకున్నాడు. మా ఆవిడ తన ఫోను పెట్టెలోంచి జానెడు లావుపాటి కేబులు తీసి ఇచ్చింది. మెరుపు మాయం. పూర్వ వ్యాఖ్యాతలు భార్యలకు కృతజ్ఞత చెప్పడం అరుదు గనుక ఇక్కడితో ఆపుతున్నాను.

పాఠాంతరం: ఛార్జవుతూనే ఇస్తుంది అని పెట్టెమీది పాఠం. ఇస్తుంది, కానీ కరెంటు తిరిగొచ్చినప్పుడు లోపల దారి మారే రెప్పపాటు ఆగి ఇస్తుంది. ఫోనుకు తెలియదు, పై పడిపోయి మళ్లీ లేస్తుంది. కరెంటు పోయినప్పుడు బతికి, వచ్చినప్పుడు చచ్చిన యంత్రాన్ని ఈ ఇంట్లో చూశాం.

ఫలితార్థం: ఇప్పుడు యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల బ్యాటరీ తెచ్చాను. దానినుంచి 5 వోల్టులకు దించే కన్వర్టర్లు రెండు. ఒకటి పైకి, ఒకటి హబ్బుకు. హబ్బు తన కరెంటును వెనక్కి పైలోకి తోయకుండా చూసుకున్నాను, చౌక హబ్బులు కొన్నింటికి అలా తోసే గుణం ఉంటుంది. ఈ బ్యాటరీ వీపున కూడా ఒక వాక్యం ఉంది: 7 ఏహెచ్, బై 20 అవర్. ‘బై’ దగ్గర ఆగి ఉన్నాను.