ఎనభైగారు

"మొన్న మన బండి అరిచిందండి."

తాటిపాక సెంటర్లో టీ తాగుతూ ఎవరైనా ఈ మాటంటే కంగారుపడి మెకానిక్ నంబరు వెతకనక్కర్లేదు. బండికేమీ కాలేదు. ఆయనగారు ఎనభై దాటారు, అంతే. వయసులో కాదు, వేగంలో.

ఈ మనిషిని ఎనభైగారు అందాం. రాజోలు నుంచి అమలాపురం దాకా వీధికొకరు చొప్పున ఉన్నారు గనక, ఇది తననే అన్నారని ఎవరూ బాధపడనక్కర్లేదు. వయసు అరవైకి అటూ ఇటూ. కాస్త కొబ్బరితోటో, ఎరువుల కొట్టో, మేష్టరు పెన్షనో ఉంటుంది. కొడుకు హైదరాబాదులోనో డాలస్‌లోనో ఉండి, "ఇంకా ఆ స్కూటరేంటి నాన్నా" అని గోలపెట్టి కారు కొనిపించాడు. షోరూం నుంచి తిన్నగా అప్పనపల్లి తీసుకెళ్ళి, బాలబాలాజీ స్వామికి చూపించి, నాలుగు టైర్లకీ నాలుగు నిమ్మకాయలు తొక్కించారు. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు ఇంకా తియ్యలేదు. ఎండాకాలం అవి పంచెకి అతుక్కుపోయి, దిగేటప్పుడు చర్రున చప్పుడొస్తుంది. ఆ చప్పుడంటే ఆయనకి ఇష్టమే. కొత్తబండి కదా.

అయితే ఆయన ప్రాణం పెట్టుకున్న చప్పుడు వేరే ఉంది.

2019 జూలై 1 నుంచి మన దేశంలో కొత్త కార్లన్నిటికీ నాలుగు వస్తువులు తప్పనిసరి చేశారు: డ్రైవరు ఎయిర్‌బ్యాగు, బెల్టు పెట్టుకోకపోతే గుర్తుచేసే మోత, వెనక పార్కింగ్ సెన్సరు, వేగం హెచ్చరిక. ఈ నాలుగోది 80 దాటితే ఆగి ఆగి మోగుతుంది. 120 దాటితే ఆపకుండా మోగుతుంది. బండిని మాత్రం ఆపదు, తగ్గించదు. చెప్పి ఊరుకుంటుంది. వింటే విను, లేకపోతే నీ ఖర్మ. నడిపేవాడు ఉలిక్కిపడి, ఎక్సలేటరు మీంచి కాలు తీస్తాడని ప్రభుత్వంవారి ఆశ. ఎనభైగారికి మాత్రం ఆ మోత వినపడితే వేదిక మీదికి పిలిచి శాలువా కప్పినట్టుంటుంది.

ఎందుకుండదు చెప్పండి? తాటిపాకలో ఆ శాలువా అంత తేలిగ్గా దొరికేది కాదు. సెంటర్లో బస్సు, ఆటో, అరటిగెలల వ్యాను ఒకేసారి మలుపు తిరుగుతాయి. గన్నవరం వేపు వెడదామంటే ఓ పక్క కాలవ, ఓ పక్క ఇళ్ళు, మధ్యలో ఎవరికీ జవాబు చెప్పక్కర్లేని గేదెలు. మూడో గేరులోంచి నాలుగోది వేసేలోపు బాతులమంద రోడ్డు దాటుతుంది. బాతుల్ని తొందరపెట్టినవాణ్ణి నేనింతవరకూ చూళ్ళేదు. రిఫైనరీ ట్యాంకరు ముందు తగిలిందా, ఇక ఆ పూటకి అంతే సంగతులు. దిండి, చించినాడ వంతెన మీద ప్రయత్నించవచ్చు గానీ, అక్కడ వశిష్ఠ గోదావరిని వదిలేసి మీటరు చూడాలి. అంత పాపం ఎనభైగారు కూడా చెయ్యరు.

కాబట్టి అరుపు కావాలంటే రావులపాలెం వెళ్ళాలి. గన్నవరం దగ్గర అక్విడక్టు దాటి, కొత్తపేట మీదుగా వెళ్ళి, పదహారో నంబరు జాతీయ రహదారి ఎక్కాలి. రాజమండ్రిలో పన్ను చూపించుకోవాలంటారు. పన్ను శుభ్రంగానే ఉంటుంది.

ఆ ఘట్టం పక్కసీట్లో కూర్చుని చూడాల్సిందే. రావులపాలెం దాకా కబుర్లు చెప్పిన మనిషి వంతెన దాటి జొన్నాడ వచ్చేసరికి గంభీరంగా మారిపోతారు. ముందు రేడియో కట్టేస్తారు. తర్వాత ఏసీ ఒక నంబరు తగ్గిస్తారు, దాని హోరులో అరుపు వినపడదేమోనని. అద్దాలన్నీ ఎక్కించి ఉన్నాయో లేదో చూసుకుంటారు. వెనకసీట్లో భార్య జంతికల డబ్బా మూత తీయబోతుంటే, చెయ్యెత్తి ఆగమంటారు. డెబ్భై అయిదు. డెబ్భై ఏడు. స్టీరింగు మీద రెండు చేతులూ బిగుసుకుంటాయి. డెబ్భై తొమ్మిది దగ్గర ఓ లారీ అడ్డొస్తుంది. మళ్ళీ అరవై నుంచి మొదలు. ఈసారి ఊపిరి బిగబట్టి, కాలు మరికాస్త నొక్కితే, ఎనభై ఒకటి.

టింగ్.

"విన్నావా?"

"తలుపు సరిగ్గా పడినట్టు లేదండి," అంటుంది భార్య.

ఆయన జవాబు చెప్పరు. వెంటనే కాలు తీసి డెబ్భైకి దిగిపోతారు. కావలసింది అయిపోయింది కదా, ఇంకా ఎందుకు పెట్రోలు దండగ?

ఇందులో ఓ చిక్కుంది. కేంద్రం 2018 ఏప్రిల్‌లో ప్రకటించిన లెక్క ప్రకారం కార్లకి ఎక్స్‌ప్రెస్‌వేల మీద 120, మధ్యలో డివైడరున్న నాలుగు వరసల రోడ్ల మీద 100, ఊళ్ళలోనూ మామూలు రోడ్ల మీదా 70 గరిష్ఠ వేగం. అవసరాన్నిబట్టి అంతకంటే తగ్గించుకునే అధికారం రాష్ట్రాలకుంది. అంటే ఎనభైగారు జొన్నాడ దగ్గర ప్రాణాలకి తెగించి కొట్టిన ఎనభై ఒకటి, ఆ లెక్కలో బుద్ధిమంతుల వేగమే. అదే మనిషి తాటిపాక, గన్నవరం మధ్య కాలవగట్టు మీద డెబ్భై అయిదు కొడితే చట్టం తప్పినవాడవుతాడు, బండి మాత్రం నోరు మెదపదు. బడి వదిలే వేళ పిల్లల మధ్యలోంచి అరవైలో దూసుకెళ్ళినా మెదపదు. దానికి తెలిసిందల్లా ఒక్కటే అంకె. ముందున్నది హైవేనో, బాతులమందో దానికి తెలీదు. అరవాల్సిన చోట అరవదు, ఖాళీరోడ్డు మీద అరుస్తుంది. నన్నడిగితే ఆ హెచ్చరికలో అసలు లోపం అదే. ఎనభైగారిని అడిగితే అందులో లోపమే లేదు, రోడ్లలో ఉంది.

టీకొట్టు దగ్గర ఈ అరుపులకి అంతస్తులున్నాయి. అట్టడుగున ట్యాంకరు డ్రైవర్లు, స్కూలు బస్సువాళ్ళు. వాళ్ళవి 60 దగ్గర లాకైపోయిన బళ్ళు. నొక్కినకొద్దీ ఇంజనుకి డీజిలు అందదు తప్ప బండి పెరగదు. లారీలకీ బస్సులకీ 80కి లాకు. 2015 అక్టోబరు నుంచి తయారైన వాటికి కంపెనీలోనే బిగించి పంపాలని రూలు. పసుపు బోర్డు టాక్సీలకీ తర్వాత అదే గతి పట్టింది. ఎనభైగారి ఇంటి పక్కనే ఓ టాక్సీ ఆయన ఉన్నాడు. ఇరవై ఏళ్ళుగా విశాఖపట్నం, తిరుపతి తిరిగినవాడు, గోతి ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. అతన్ని చూస్తే ఎనభైగారికి జాలి.

"మీదానికి కళ్ళెం వేసేశారు. మాది చెప్పి చూస్తుంది, అంతే. వినడం వినకపోవడం మన ఇష్టం. తెల్లబోర్డు కదండి మరి!"

"ఆయ్," అంటాడు టాక్సీ ఆయన, టీ ఊదుకుంటూ.

ఈ వైభవమంతా కువైట్ బావగారు సెలవుకి వచ్చేవరకే. కోనసీమలో గల్ఫ్ వెళ్ళి ఇంటి డ్రైవరుగా చేసిన మనిషి లేని ఊరుండదు. ఆయన కథంతా ఓపిగ్గా విని, "ఎనభైకేనాండి?" అంటాడు. అంతే, కొట్టు నిశ్శబ్దం. గల్ఫ్ దేశాల కోసం తయారుచేసిన బళ్ళలో చాలావాటికి గంట 120 దగ్గర మోగుతుంది. "మా అరబ్బు బండి నూట ఇరవైకి గాని నోరు విప్పేది కాదండి. విప్పితే ఇంక మూసేది కాదు." ఆ సాయంత్రం ఎనభైగారు టీ సగంలో వదిలేసి వెళ్ళిపోయారు.

అసలు దెబ్బ మేనల్లుడు కొట్టాడు. హైదరాబాదులో సాఫ్ట్‌వేరు కుర్రాడు. పండక్కి వస్తూ ఆ జొన్నాడ ఘట్టానికి సాక్షిగా ముందుసీట్లో కూర్చున్నాడు. టింగుమంది. వాడు ఫోను పైకెత్తి, "మావయ్యా, మీటరు ఎనభై ఒకటంటోంది గానీ జీపీఎస్‌లో డెబ్భై ఏడే ఉంది," అన్నాడు. అన్నవాడు ఊరుకోకుండా కారణం కూడా చెప్పాడు. స్పీడోమీటరు అసలు వేగం కంటే తక్కువ చూపించకూడదని నిబంధన. కాస్త ఎక్కువ చూపిస్తే ఫర్వాలేదు. అంచేత కంపెనీలవాళ్ళు ఎందుకొచ్చిన గొడవని ముల్లుని కొంచెం ముందుకే పెడతారు. అంటే ఇన్నాళ్ళూ కప్పించుకున్న శాలువాలన్నీ డెబ్భై ఏడువన్న మాట.

ఎనభైగారు చాలా దూరం మాట్లాడలేదు. వేమగిరి దగ్గరపడ్డాక అన్నారు: "ఫోను నీ చేతిలో కూర్చునుంది. పరిగెడుతున్నది బండి. ఎవరికి బాగా తెలుస్తుందిరా?"

ఆయన్ని ఓదార్చడానికి నేనో ఇంగ్లండు మనిషి సంగతి చెప్పాను. 1896లో కెంట్ ప్రాంతంలో వాల్టర్ ఆర్నాల్డ్ అని ఓ పెద్దమనిషి, గంటకి రెండు మైళ్ళు మించకూడని చోట ఎనిమిది మైళ్ళ వేగంతో మోటారు బండి నడిపాడు. కానిస్టేబులు సైకిలు మీద తరిమి పట్టుకున్నాడు. ఒక షిల్లింగు జరిమానా, ఖర్చులు అదనం. అతివేగానికి శిక్షపడ్డ మొదటి మోటారిస్టుగా చరిత్రలో నిలిచాడు. "రసీదు ఇచ్చారాండి?" అన్నారు ఎనభైగారు. ఇచ్చి ఉంటారన్నాను. ఆయన కళ్ళల్లో అసూయ కనబడింది. ఈయనకే పడి ఉంటే ఫ్రేము కట్టించి హాల్లో పెట్టేవారు.

యూరపులో ఈ విషయం ఇంకో మెట్టెక్కింది. 2024 జూలై నుంచి అక్కడ అమ్మే కొత్త కార్లన్నిటిలోనూ తెలివైన పెట్టె ఒకటి ఉండాలి. రోడ్డు పక్క బోర్డుల్ని కెమెరాతో చదివి, మ్యాపుతో సరిచూసుకుని, ఆ చోట ఎంతలో వెళ్ళాలో అంత దాటితే హెచ్చరిస్తుంది. ఒకే అంకెని పట్టుకు వేలాడదు. మంచిదే, మనకీ రావాలి. కాకపోతే తాటిపాకలో అది చదివేదేమిటి? వేగం బోర్డు ఉన్నచోట దాని ముందు ఫ్లెక్సీ ఉంటుంది. నాయకుడిగారి 50వ జన్మదిన శుభాకాంక్షలు చూసి బండి యాభైకి తగ్గమంటుంది. నాలుగడుగులు వేస్తే ఎవరిదో షష్టిపూర్తి, అరవైకి వెళ్ళొచ్చంటుంది. ఓణీల ఫంక్షను ఫ్లెక్సీ మీద పిల్లకి పన్నెండేళ్ళని వేశారో, ఇక బండి దిగి తోసుకోవాల్సిందే.

ఈమధ్య ఎనభైగారు మామూలు సర్వీసుకని బండిని షెడ్డుకి తీసుకెళ్ళారు. ఆయిలు మార్పించి, చక్రాలు చూపించి, అందరూ వెళ్ళేదాకా ఆగి, కుర్ర మెకానిక్‌ని పక్కకి పిలిచారు.

"బాబూ, ఇది ఎనభైకి అరుస్తంది కదా. ఇంకాస్త ముందే అరిచే ఉపాయం ఏమన్నా ఉందా?"

ఆ కుర్రాడు ఇన్నేళ్ళూ ఆ మోత తీసేయమని బతిమాలినవాళ్ళనే చూశాడు. అలా తియ్యకూడదని వాళ్ళకి చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. పెంచమన్న మనిషిని చూసేసరికి వాడికి కళ్ళు చెమర్చాయి. స్టీరింగు మీద రెండు బొత్తాలు నొక్కి, మీటరులో మెనూ తెరిచి చూపించాడు. కొన్ని కొత్త మోడళ్ళలో ఈ సదుపాయం ఉంది. కంపెనీ పెట్టిన 80 అలాగే ఉంటుంది, దానికి తోడు మనక్కావలసిన అంకె మనం పెట్టుకోవచ్చు.

"ఎంత పెట్టమంటారండి?"

"నలభై."

మర్నాడు పొద్దున్న సెంటర్లో జనం సర్దుకునే వేళకి ఎనభైగారి బండి గన్నవరం రోడ్డులోంచి వచ్చింది. నాలుగద్దాలూ దించి ఉన్నాయి. ముల్లు నలభై రెండు మీద ఉంది. బండి టింగు టింగుమంటోంది. టీకొట్టు ముందు తలలు తిరిగాయి. టాక్సీ ఆయన గ్లాసు పట్టుకునే లేచి నించున్నాడు. అదే సమయానికి ఓ టీవీఎస్ ఎక్సెల్, రెండు పక్కలా కొబ్బరికాయల బస్తాలు వేలాడదీసుకుని, కారు పక్కకి వచ్చింది. ఎక్సెల్ ఆయన అద్దంలోకి వంగి, అరుపు వినపడేలా గొంతు పెంచాడు.

"ఏంటండి, బండి అలా అరుస్తంది?"

"స్పీడండి, స్పీడు! పక్కకి తప్పుకోండి, తగిలితే ప్రమాదం!"

"ఆయ్," అని, ఎక్సెల్ ఆయన కారుని దాటుకుని వెళ్ళిపోయాడు.