చూపు ఏ రేంజ్‌లో కావాలి?

కొన్నాళ్ళుగా నన్ను ‘బాగున్నారా మాస్టారూ’ అని పలకరించినవాడు లేడు. ‘ఏ లెన్సు వేయించుకుంటున్నారు?’ ఇదే పలకరింపు. పాలవాడి దగ్గర్నుంచి అపార్ట్‌మెంట్ సెక్రటరీ దాకా ప్రతివాడికీ ఏదో ఒక లెన్సు మీద గట్టి నమ్మకం. పొర నా కంట్లో, పట్టుదల వాళ్ళకి.

డాక్టరుగారు కంట్లోకి లైటు వేసి చూసి, ‘శుక్లం ముదిరింది, తీసేద్దాం’ అన్నారు. అంతటితో ఆయన వంతు అయిపోయింది. అక్కణ్ణుంచి కౌన్సెలర్ గది. మా అమ్మాయి కంటే చిన్నపిల్ల నవ్వుతూ లామినేషన్ చేసిన కార్డు ముందు పెట్టి, ‘ఏ రేంజ్‌లో చూద్దాం అంకుల్?’ అంది. మా రాజమండ్రి తాడితోటలో చీరల కొట్లో పరుపు మీద కూర్చోగానే వినబడే మాట అదే కదా! మా ఆవిడకి ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. కుర్చీ ముందుకు జరుపుకుంది.

‘ఇరవై నాలుగు వేలదైతే దూరం చూపే ఆంటీ, పేపరుకి అద్దాలు కావాలి. సిలిండర్ పవర్ ఉంటే టోరిక్, అరవై ఐదు. మల్టీఫోకల్ అయితే దూరం, దగ్గర రెండూ. లక్షా ఇరవైది ట్రైఫోకల్, కంప్యూటర్ దూరం కూడా కవరవుతుంది.’

‘ఈయనకి కంప్యూటర్ రాదమ్మా. అది తీసేసి చెప్పు’ అంది మా ఆవిడ.

తీసేస్తే తగ్గదట. పైగా ఇంకో ముప్ఫై వేలు వేసుకుంటే బ్లేడు తగలకుండా లేజర్‌తో చేస్తారట. లేజర్‌తో చేసినా ఫేకో అనే మామూలు పద్ధతిలో చేసినా చివరికి వచ్చే చూపులో చెప్పుకోదగ్గ తేడా లేదని పెద్ద పెద్ద పరీక్షల్లోనే తేలింది. ఆ సంగతి కార్డు మీద లేదు. బ్లేడు అన్న మాట మాత్రం ఎర్రక్షరాల్లో ఉంది.

ఆ తర్వాత అసలు ప్రశ్న వచ్చింది. ‘ఇండియనా, ఇంపోర్టెడా?’

మా బావమరిది దుప్పటి సంగతి తెలిస్తే గానీ ఈ మాట నాకెక్కడ గుచ్చుకుందో మీకు అర్థం కాదు. 1990ల్లో అతను మస్కట్ నుంచి వస్తూ ఒక దుప్పటి తెచ్చాడు. కోనసీమ నుంచి గల్ఫ్‌కి వెళ్ళిన ప్రతివాడూ తెచ్చినదే. దాని మీద పులి ఉంటుంది, నిలువెత్తుది. ‘ఫారిన్ దుప్పటి’ అని దానికి బీరువాలో పై అర ఇచ్చాం. మా ఆవిడ పట్టుచీరలు కింది అరకి దిగాయి. ఏటేటా ఎండబెట్టడం, కలరా ఉండలు మార్చడం, చుట్టాలొస్తే తలుపు తీసి చూపించి మళ్ళీ వేసెయ్యడం. కప్పుకున్నవాడు లేడు. రాజమండ్రిలో రోహిణి కార్తె నాడు పులిని కప్పుకోమంటే ఎవరు కప్పుకుంటారు? మా అమ్మాయి పెళ్ళయ్యాక అల్లుడు మొదటి సంక్రాంతికి వస్తే అతని కోసం తీశాం. మన సంక్రాంతి చలికి కూడా ఆ పులి ఎక్కువే. మర్యాద కోసం కప్పుకుని, మర్యాద కోసమే తెల్లవార్లూ చెమటలు కక్కి, పొద్దున్నే ‘చాలా బాగుంది మామయ్యగారూ’ అన్నాడు. మర్నాడు రాత్రి చాప చంకన పెట్టుకుని డాబా ఎక్కేశాడు. అల్లుడు కప్పుకున్న దాన్ని ఉతక్కుండా లోపల పెట్టడమా అని మా ఆవిడ నీళ్ళలో ముంచింది. తడిశాక దాన్ని ఎత్తడానికి ఇంటిల్లిపాదీ వచ్చారు. దండెం తెగింది. నేలమీద పరిచి ఆరబెడితే వీధి కుక్కలు గేటు దగ్గర నిలబడి మొరిగాయి. ఆ గొడవలోనే మా అబ్బాయి మూలనున్న లేబుల్ చదివాడు. కొరియాలో తయారైందట. ఇన్నేళ్ళూ పై అరలో పెట్టుకున్న మస్కట్ దుప్పటి మస్కట్‌ది కూడా కాదు.

అందుకని ‘ఇంపోర్టెడ్’ అనగానే అంత పొరలోంచీ నాకు పులి కనబడింది. మధురై అరవింద్ కంటి ఆసుపత్రి వాళ్ళు 1992లో ఆరోలాబ్ పెట్టి, విదేశీ లెన్సు ధర పేదలకి అందడంలేదని సొంతంగా లెన్సులు చేయడం మొదలుపెట్టారు. అవి వందకి పైగా దేశాలకి వెళుతున్నాయి. అంటే ఇప్పుడు ఏదో ఒక దేశంలో ఏదో ఒక కౌన్సెలర్ మన లెన్సునే ఇంపోర్టెడ్ అని చూపిస్తూ ఉండాలి.

డబ్బు సంగతి. సొంతంగా ఆరోగ్య పాలసీ తీసుకుంటే శుక్లానికి మామూలుగా రెండేళ్ళు ఆగాలంటారు. పాలసీ ఆగమంటుంది, శుక్లం ఆగదు. డెబ్బై దాటినవారికి ఆదాయంతో పనిలేకుండా 5 లక్షల దాకా వైద్యమని కేంద్రం 2024 అక్టోబరులో ఆయుష్మాన్ కార్డు తెచ్చింది. నాకింకా డెబ్బై రాలేదు. వయసు చాలలేదని బాధపడతానని ఎన్నడూ అనుకోలేదు. మిగిలింది బెంగళూరులో మా అబ్బాయి కంపెనీ ఇన్సూరెన్సు. అందులో కంటికి నలభై వేలు మించి ఇవ్వరు. ‘లెన్సు నీ ఇష్టం నాన్నా, నువ్వు డబ్బు గురించి ఆలోచించకు’ అన్నాడు వాడు. డబ్బు గురించి ఆలోచించొద్దనేవాళ్ళంతా డబ్బు గురించే ఫోన్ చేస్తారు.

గుండెలో వేసే స్టెంటుకి 2017లో ప్రభుత్వం ఇంతకి మించి అమ్మకూడదని ధర కట్టింది. అదే ఏడు కృత్రిమ మోకాళ్ళకీ కట్టింది. కన్ను దాకా వచ్చేసరికి ఆ చెయ్యి ఎందుకు ఆగిందో! పావుగంటలో అయిపోయే ఆపరేషన్, మత్తుచుక్కలు, కొన్ని వారాల మందులు, ఇవన్నీ ఏ రేంజ్‌లోనైనా దాదాపు ఒకటే. ఇరవై నాలుగు వేలకీ లక్షా ఇరవైకీ మధ్య దూరమంతా పెసరగింజంత ప్లాస్టిక్కు మీదే ఉంది. దాన్ని ఎన్నుకోమని, కన్ను సరిగ్గా కనబడనివాడి చేతికే కార్డు ఇస్తారు.

మా ఆటో అప్పారావుకి స్వచ్ఛంద ఆసుపత్రిలో ఉచితంగా చేశారు. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ సంస్థ 1987 నుంచీ ఇదే చేస్తోంది, ఇచ్చుకోగలవారి దగ్గర తీసుకుని, లేనివారికి ఉచితంగా. ‘మీకెంతవుతుందంటున్నారు మాస్టారూ?’ అన్నాడు అప్పారావు. చెప్పాను. అప్పారావు నా కేసి జాలిగా చూశాడు. రెండు కళ్ళతోనూ, స్పష్టంగా.

ఉచితం అనగానే మా అమ్మ గుర్తొచ్చింది. ఆమెకి శుక్లాలొచ్చిన సంగతి మాకు అన్నంలో తెలిసింది. పంటి కింద రాళ్ళు తగలడం మొదలైంది. నాన్న కంచం ముందు కూర్చుని రోజూ విసుక్కునేవారు. ఆమె బియ్యం చేటలో పోసుకుని వేళ్ళతో తడిమి తడిమి ఏరేదట, మేమెవరమూ చూడలేదు. ఆపరేషన్‌కి ఎంతవుతుందో ఎవరి దగ్గరో కనుక్కుని, ఎవరికీ చెప్పకుండా, బియ్యం ఏరే పని మా చెల్లెలికి అప్పగించింది. ఆ ఏటికి అదే వైద్యం. ఆనక ఎప్పుడో హైస్కూల్లో కంటి క్యాంపు పెడితే ఉచితంగా తీయించుకుంది. లోపల లెన్సు వెయ్యలేదు, సోడాబుడ్డి అద్దాలిచ్చారు. ఏ రేంజ్‌లో చూస్తావని ఆమెనెవరూ అడగలేదు. ఆమే ఏదో రేంజ్ తేల్చుకుని సరిపెట్టుకుంది.

చివరికి మా ఆవిడే కౌన్సెలర్ని దాటుకుని మళ్ళీ డాక్టరుగారి గదిలోకి వెళ్ళి నిలదీసింది. ‘షుగరు వల్ల రెటీనా కొంచెం దెబ్బతింది కదమ్మా, ఈయనకి మల్టీఫోకల్ నప్పదు, మామూలుదే వేద్దాం’ అన్నారాయన. అర నిమిషం పట్టింది. ఈ అర నిమిషం మొదటే దొరికితే ఆ కార్డుతో మాకు పనే లేదు.

మామూలు లెన్సే పడింది. వీధి చివర బస్సు బోర్డు చదువుతున్నాను. ఇన్సూరెన్సు వాళ్ళు టోపీ, గ్లవ్స్, కంటి మీది ప్లాస్టిక్ మూత, నల్లకళ్ళద్దాలు తమ కిందికి రావని కోసేసి, మిగతాది ఇచ్చారు. ఏవేం కోశారో వాళ్ళ కాగితంలో చీమ అక్షరాల్లో ఉంది. అది చదవడానికి దగ్గర చూపు అద్దాలు కొన్నాను, మూడొందల యాభై. అవీ వాళ్ళ కిందికి రావట.